భోజనానికి బదులు పౌడరు: నెల్లూరు, ఒంగోలులో మాకు రోజూ వినపడే అపోహలు

వంట తప్పుతుంది, కేలరీల లెక్క తేలిక, బరువూ తగ్గుతుంది. భోజనానికి బదులు పౌడరు కలిపి తాగే మీల్ షేకుల గురించి చెప్పే ఈ మూడూ నిజమే. చిక్కంతా వాటికి అతికించే మాటలతోనే.

అపోహ: పౌడరు కొవ్వును కరిగిస్తుంది.

వాస్తవం: కరిగించదు. 25 గ్రాముల పొడి 200 మి.లీ. టోన్డ్ పాలలో కలిపితే 220 కేలరీల దాకా వస్తాయి. రెండు నేతి కారందోసెలు దీనికి రెట్టింపు దాటుతాయి, తగ్గేది ఆ తేడాతోనే. నమిలే పని లేక, పీచు చాలక పదకొండింటికే ఆకలేస్తుంది. అప్పుడు నాలుగు పునుగులు తింటే తేడా కాస్తా పూడిపోతుంది. స్కూపు గోపురంలా నింపొద్దు, అంచుకు చదును చేయండి. 500 గ్రాముల డబ్బా 20 స్కూపులే, రోజుకు రెండైతే పది రోజుల్లో ఖాళీ. ఖర్చు అలా లెక్కేసుకోండి.

అపోహ: షేకులతో షుగరు వెనక్కి పోతుంది, ఇవాళే మొదలుపెట్టొచ్చు.

వాస్తవం: ఈ మాటకు ఆధారం ఉంది. 2017లో వెలువడిన బ్రిటన్ 'డైరెక్ట్' అధ్యయనంలో మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల పౌడరు ఆహారమే ఇచ్చారు. ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండా షుగరు అదుపులోకి వచ్చింది, రెండేళ్లకు అది 36 శాతం. అయితే వాళ్లకు జబ్బు బయటపడి ఆరేళ్లు దాటలేదు, ఇన్సులిన్ వాడేవాళ్లను తీసుకోలేదు. షుగరు మాత్రలు మొదటి రోజే ఆపించి, పర్యవేక్షణలో ఉంచారు. ఇక్కడ జరిగేది వేరు: షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర యథాప్రకారం వేసుకుంటారు, అన్నం మాత్రం మానేస్తారు. మధ్యాహ్నానికి షుగరు మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. రీడింగు 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. మాత్ర మోతాదు డాక్టరు మార్చాకే షేకు మొదలుపెట్టండి. సొంతంగా ఆపేయడమూ వద్దు.

అపోహ: దీనికన్నా రాగిజావ నయం.

వాస్తవం: ఖర్చులో నయం, మాంసకృత్తుల్లో కాదు. 30 గ్రాముల రాగిపిండిలో రెండు గ్రాములే ఉంటాయి. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు కావాలి. జావతోపాటు రెండు ఉడికిన గుడ్లో, 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్టో ఉంటే 12 గ్రాములు కలుస్తాయి. నిజానికి ఈ జోడీ ముందు చాలా పౌడర్లు తేలిపోతాయి.

అపోహ: అన్నీ విటమిన్లే కదా, మందులకేం అడ్డు?

వాస్తవం: అందుకే అడ్డు. క్యాల్షియం, ఐరన్ కలిపిన పొడి థైరాయిడ్ మాత్రను ఒంటపట్టనివ్వదు, రెంటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లకు ఇందులోని విటమిన్ కె ఇబ్బంది. కిడ్నీ జబ్బుంటే పొటాషియం, ఫాస్ఫరస్ చూడకుండా ముట్టుకోవద్దు.

అపోహ: బోరు నీళ్లు మరిగించి కలిపితే చాలు.

వాస్తవం: బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుండే కనిగిరి వైపు ఇది అసలు పనికిరాదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది కూడా. ఆర్వో నీళ్లు వాడండి. ముందు చల్లటి నీళ్లు పోసి, తర్వాత పొడి వేసి గిలకొట్టాలి. వేడి నీళ్లలో ఉండలు కడుతుంది. మే నెల ఎండకు కలిపిన షేకు గంట దాటితే పారబోయాల్సిందే. ఆఫీసుకు పొడి విడిగా తీసుకెళ్లి, తాగే ముందు కలుపుకోండి.