మద్రాసు బొమ్మకు గిరాకీ ఎందుకు ఆలస్యమైంది?

2025 మార్చిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ పెట్టిన వేలంలో ఎం.ఎఫ్. హుస్సేన్ వేసిన ‘గ్రామ్ యాత్ర’ 1.37 కోట్ల డాలర్లకు, మన లెక్కలో సుమారు 118 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా చెన్నైలో బొమ్మలంటే ఇష్టమున్న నలుగురు కలిసిన చోట ఒక ప్రశ్న పైకొస్తుంది. ఆ తరానికి దీటైన చిత్రకారులు ఈ ఊళ్లోనూ ఉన్నారు కదా. కె.సి.ఎస్. పణిక్కర్, ఎ.పి. సంతానరాజ్, రెడ్డెప్పనాయుడు, కె.ఎం. ఆదిమూలం. బొంబాయి వాళ్ల కాన్వాసులు కోట్లు పలుకుతుంటే వీళ్ల పేర్లు వేలం కేటలాగుల్లోకి ఎక్కడానికే అన్నేళ్లెందుకు పట్టింది?

బొమ్మల్లో లోపం ఉందని నేననుకోను. ఈ ఊరు చిత్రకారుల్ని తయారుచేయడం 1850లోనే మొదలుపెట్టింది. కొనేవాళ్లు తయారవడానికి మాత్రం వందేళ్లు దాటింది. ఆ మధ్యకాలంలో ఇక్కడి చిత్రకారులు ఏం చేసి బతికారన్నది తెలుసుకుంటే ఈ ధరల తేడా అర్థమవుతుంది. అందులో తెలుగువాళ్ల వాటా కూడా తక్కువేమీ కాదు.

అలెగ్జాండర్ హంటర్ అనే సర్జన్ 1850లో బ్రాడ్వేలో సొంత డబ్బుతో ఒక ఆర్ట్ స్కూలు తెరిచాడు. తర్వాత ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు పూందమల్లి హైరోడ్డులో ఉన్న ప్రభుత్వ లలితకళల కళాశాల అదే. కానీ ఆ రోజుల్లో అక్కడ చిత్రకారుడిగా ఎదగాలని చేరినవాళ్లు తక్కువ. కుండలు, చెక్కపని, లోహపు పని, ఇంజనీరింగ్ డ్రాయింగ్ నేర్పేవారు. 19వ శతాబ్దం చివర్లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం గిన్నెల తయారీని మొదలుపెట్టింది కూడా ఆ స్కూల్లోనే. మన వంటింట్లోకి అల్యూమినియం వచ్చిన దారుల్లో ఒకటి ఆర్ట్ స్కూలు గుమ్మం మీదుగా వచ్చిందన్నమాట. చేతికి పని నేర్పడం, ఆ పనికి కూలి దొరికేలా చూడడం, స్కూలు పుట్టుకలోనే ఉన్న ఉద్దేశం ఇది. దాని ప్రభావం చాలాకాలం నిలిచింది.

ఎగ్జిబిషన్లు లేవని కాదు. 1873లో మద్రాసులో జరిగిన ఫైన్ ఆర్ట్స్ ఎగ్జిబిషన్‌లో రవివర్మ వేసిన నాయర్ స్త్రీ చిత్రానికి గవర్నర్ బంగారు పతకం వచ్చింది. ఆయన పేరు దేశమంతా మోగడానికి ఈ ఊరి గుర్తింపు చాలా తోడ్పడింది. అయితే అప్పట్లో ఆయిల్ పెయింటింగ్ కొనగలిగింది తెల్లదొరలు, సంస్థానాధీశులు, పెద్ద జమీందార్లు. మిగతావాళ్ల ఇళ్లలోకి రవివర్మ వచ్చింది అచ్చు రూపంలో. 1894లో బొంబాయిలో ఆయన పెట్టిన ప్రెస్సు నుంచి లక్ష్మి, సరస్వతి పటాలు ఊరూరా చేరాయి. మధ్యతరగతి ఇంటికి బొమ్మ అంటే అచ్చేసిన పటం అనే అలవాటు అలా స్థిరపడింది.

ఆ అలవాటును తెలుగువాళ్లం మరీ ఇష్టంగా పెంచుకున్నాం. మద్రాసు నుంచి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో మొదలుపెట్టిన ‘భారతి’ రంగుల చిత్రాలను అచ్చువేసేది. గ్యాలరీ మొహం చూడని పల్లెటూరి పాఠకుడికి సమకాలీన చిత్రకళ అంటే ఏమిటో తెలిసింది ఆ పేజీల వల్లే. అది చిన్న సేవ కాదు. కానీ ఆ చిత్రాల ఒరిజినల్ ఎవరి దగ్గరుంది, ఎంతకు పోయింది అని అడిగిన పాఠకులు ఎందరుంటారు?

1929లో దేవీప్రసాద్ రాయ్‌చౌదరి స్కూలు అధిపతిగా వచ్చాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే, 1957 దాకా ఉన్నాడు. మెరీనాలో నలుగురు మనుషులు పెద్ద బండరాయిని పెకలిస్తున్న ‘శ్రమ విజయం’ విగ్రహం ఆయనదే. 1959లో ప్రతిష్ఠించారు. మోకాళ్లు వంచి, వెన్ను విల్లులా సాగదీసి తోస్తున్న ఆ ఒళ్లల్లో నరాలు, కండలు పట్టి పట్టి చూడండి. బీచ్‌కి వెళ్లిన ప్రతిసారీ దాని ముందు నుంచే నడుస్తాం, శిల్పి పేరు మాత్రం పదిమందిలో ఒకరికి కూడా తెలియదు. ఆయన హయాంలో స్కూలుకి తీరాంధ్ర నుంచి కుర్రాళ్లు వరసగా వచ్చారు. అంట్యాకుల పైడిరాజు ఇక్కడే చదివి, విజయనగరం తిరిగెళ్లి చిత్రకళ నేర్పుతూ ఉండిపోయారు.

మరి చదువు అయిపోయాక మద్రాసులోనే ఉండిపోయినవాళ్లకు జీతం ఎవరిచ్చారు? సినిమా, పత్రిక, చేనేత డిజైన్ల ఆఫీసు. ఈ మూడూ లేకపోతే చాలా ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదు. 1947లో మొదలైన ‘చందమామ’లో విక్రమార్కుడు భుజాన శవాన్ని వేసుకుని కత్తితో నడిచే బొమ్మ ఎవరి కళ్లలో లేదు? దాన్ని గీసిన శంకర్, అంటే కె.సి. శివశంకరన్, 1940లలో ఈ స్కూల్లో చదువుకున్న మనిషే. 1957లో వచ్చిన ‘మాయాబజార్’కు కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. గోఖలేగారు స్వయంగా చిత్రకారుడు. తర్వాతి తరంలో తోట తరణి మద్రాసు ఆర్ట్ కాలేజీలోనే చదివి, ఒకపక్క సినిమా సెట్లు వేస్తూ మరోపక్క సొంత పెయింటింగులు వేస్తూ వచ్చారు.

నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. సెట్టు కోసం వేసిన స్కెచ్ షూటింగ్ అయిపోగానే చిత్తుకాగితం. పత్రిక కోసం వేసిన ఒరిజినల్, అచ్చు దిమ్మ చేసే బ్లాకు మేకర్ దగ్గరికి వెళ్లి తిరిగొచ్చిందో లేదో ఎవరూ పట్టించుకునేవారు కాదు. కొన్ని వేల బొమ్మలు అలా పోయాయి. వాటిని చూసి లక్షల మంది పెరిగారు, ఒక్కటి కొనాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. సినిమా టికెట్టుకీ, పత్రికకీ డబ్బులిచ్చాం కాబట్టి బొమ్మకీ ఇచ్చేశామనుకున్నాం.

ఇక బొంబాయితో పోలిక. మద్రాసులో పణిక్కర్ మొదలైనవాళ్లు ప్రోగ్రెసివ్ పెయింటర్స్ అసోసియేషన్ పెట్టింది 1944లో. హుస్సేన్, సూజా, రజా ఉన్న బొంబాయి ప్రోగ్రెసివ్ గ్రూపు 1947లో వచ్చింది. అంటే మూడేళ్లు మనమే ముందు. అయితే బొంబాయి కుర్రాళ్లకు వెంటనే అండ దొరికింది. హిట్లర్ బాధ పడలేక ఐరోపా నుంచి వచ్చిన లాంగ్‌హామర్, ష్లెసింగర్ లాంటివాళ్లు వాళ్ల చిత్రాలను ప్రోత్సహించారు, కొన్నారు. ఫాన్ లేడెన్ పత్రికల్లో రాశాడు. 1952లో జహంగీర్ గ్యాలరీ వచ్చింది. అణు శాస్త్రవేత్త హోమీ భాభా తన పరిశోధనా సంస్థ గోడల కోసమే చిత్రాలు కొనిపించాడు. ఎయిరిండియా సరేసరి. కొన్నవాడి పేరు, తేదీ, ఎక్కడ ప్రదర్శించారన్న వివరం, పత్రికలో వచ్చిన సమీక్ష, ఇవన్నీ బొమ్మ వెంట పోగయ్యాయి. యాభై ఏళ్ల తర్వాత వేలానికొచ్చినప్పుడు ధరను పైకి తీసుకెళ్లింది ఆ కాగితాలే.

మద్రాసులో అలాంటి అండ లేదు. వ్యాపార కుటుంబాలు ఉన్నాయి, దాతలు ఉన్నారు. వాళ్ల డబ్బు సంగీత సభలకు, గుళ్లకు, బడులకు వెళ్లింది. అది తప్పని అనను, చిత్రకారుడికి మాత్రం మిగల్లేదు. తెలుగు జమీందార్లకు ఇక్కడ బంగళాలుండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక ఆ రాకపోకలూ తగ్గిపోయాయి.

కొనేవాళ్లు రాకపోతే ఏం చేయాలి? 1957 నుంచి పదేళ్లు ఆ స్కూలు ప్రిన్సిపాల్‌గా ఉన్న పణిక్కర్ ఈ ప్రశ్నకు కొత్త జవాబు చెప్పాడు. పగలు బాతిక్ (బట్ట మీద మైనం పూసి రంగులద్దే పని), తోలు, లోహం మీద చేతిపనులు చేసి అమ్ముకుందాం, ఆ డబ్బుతో మన బొమ్మలు మనం స్వేచ్ఛగా వేసుకుందాం అన్నాడు. బాతిక్ బట్టల అమ్మకంతో వచ్చిన సొమ్ముతోనే 1966లో ఊరి బయట ఇంజంబాక్కంలో సుమారు పది ఎకరాలు కొన్నారు. అదే చోళమండల్ ఆర్టిస్ట్స్ విలేజ్. సముద్రపు ఇసుక, సరుగుడు చెట్లు, పాకలు. కరెంటు, నీళ్లు కూడా సరిగ్గా లేని చోట దాదాపు ముప్పైమంది చిత్రకారులు, శిల్పులు కలిసి ఊరు కట్టుకున్నారు. ఇప్పుడు ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద భూమి ధర చూస్తే వాళ్ల ముందుచూపు తెలుస్తుంది.

అక్కడి మ్యూజియంలో పణిక్కర్ ‘వర్డ్స్ అండ్ సింబల్స్’ వరసలోని కాన్వాసు ముందు కాసేపు నిలబడాలి. దూరం నుంచి పాత జాతకచక్రంలా ఉంటుంది. గళ్లు, పట్టికలు, అంచుల్లో చిన్న జంతువులు, వాటి చుట్టూ చీమల బారుల్లా అక్షరాలు. దగ్గరికెళ్లి చదవబోతే ఒక్క మాటా దొరకదు. మలయాళంలా కనబడుతుంది, కాదు. తాళపత్రం మీద గంటంతో గీసినంత సన్నని గీత. 1963 ప్రాంతంలో మొదలైన ఈ వరసతో మద్రాసు చిత్రకళకు సొంత గొంతు వచ్చింది. రంగు కంటే గీతకు పెద్దపీట వేయడం, గుడి గోడల్లో, ముగ్గుల్లో, కంచు బొమ్మల్లో ఉన్న రేఖను పట్టుకోవడం ‘మద్రాసు ఉద్యమం’ అని పేరుపడ్డ ఈ బడి ప్రత్యేకత. ఆయిల్ రంగుల ముద్దలకు అలవాటుపడిన ఉత్తరాది కొనుగోలుదారు కంటికి ఇది ‘అలంకారం’లా కనబడింది. ఆ తప్పు అంచనా కూడా ధరను కిందికి లాగింది.

స్వయం సహాయానికీ ఒక నష్టం ఉంది. చోళమండల్ తన బొమ్మలు తానే అమ్ముకుంది కాబట్టి బయటి గ్యాలరీ వ్యాపారితో, బొంబాయి, ఢిల్లీ విమర్శకులతో బంధం పలచగా ఉండిపోయింది. సిరా రేఖలతో కలల నగరాలు కట్టిన కె. రామానుజం 1973లో, ముప్పై రెండేళ్లకే చనిపోయాడు. కానెమరా హోటల్ వాళ్లు అతనికి గోడచిత్రం పని ఇచ్చారు, బతికుండగా దొరికిన పెద్ద గుర్తింపు దాదాపు అంతే. ఇవాళ అతని చిన్న డ్రాయింగ్ కోసం కూడా పోటీ పడుతున్నారు. కొందరు బయటికి వెళ్లి నిలబడ్డారు. గుడివాడ నుంచి వచ్చి పణిక్కర్ దగ్గర చదివిన ఎస్.వి. రామారావు 1962లో కామన్వెల్త్ ఫెలోషిప్ మీద లండన్ స్లేడ్ స్కూలుకు, తర్వాత అమెరికాకు వెళ్లారు. చోళమండల్ చిత్రకారుల్లో విశ్వనాథన్ పారిస్‌లో, వాసుదేవ్ బెంగళూరులో స్థిరపడ్డారు.

గ్యాలరీలు నెమ్మదిగా వచ్చాయి. 1965లో సరళాస్ ఆర్ట్ సెంటర్, తర్వాత గ్రీమ్స్ రోడ్డులో లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం, 1984లో అప్పారావు గ్యాలరీస్. ఈలోగా మన ఇళ్లలో బొమ్మ కొనాలనుకున్నవాళ్లు తంజావూరు పటం వైపు మొగ్గారు. చాక్‌పొడి, జిగురు కలిపిన ముద్దతో ఉబ్బెత్తుగా మలచి, పైన బంగారు రేకు అతికి, రాళ్లు పొదిగిన వెన్నకృష్ణుడు. ఆ కళను నిలబెట్టిన ‘రాజు’ కులపు చిత్రకారుల కుటుంబాలు తెలుగు మూలం ఉన్నవే కాబట్టి ఆ ఇష్టంలో నాకు పరాయితనం కనబడదు. కాకపోతే చాలామంది అక్కడే ఆగిపోయారు.

2000లో శాఫ్రన్ఆర్ట్ అనే వేలం సంస్థ ఆన్‌లైన్ వేలాలు, 2005లో బొంబాయి చిత్రకారుడు తయ్యబ్ మెహతా ‘మహిషాసుర’ పది లక్షల డాలర్లు దాటడం, ఆ ఊపులో మద్రాసు పేర్లకూ చలనం వచ్చింది. 2008 ఆర్థిక సంక్షోభంతో మార్కెట్ పడిపోయింది. 2009లో చోళమండల్‌లో మద్రాసు ఉద్యమ మ్యూజియం తెరవడం నా దృష్టిలో ధరల కంటే పెద్ద మలుపు. ఈ బొమ్మలను వరసగా ఒకేచోట చూసే వీలు అప్పుడే కలిగింది.

డబ్బు వచ్చేసరికి ఎవరికి వచ్చిందన్న ప్రశ్న కూడా వచ్చింది. కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణలో 53ఏ అని ఒక సెక్షన్ ఉంది. ఒరిజినల్ చిత్రం పదివేల రూపాయలు మించి మళ్లీ అమ్ముడుపోతే అందులో చిత్రకారుడికి, లేదా అతని వారసులకు పది శాతం మించని వాటా అడిగే హక్కు ఉంది. ఆచరణలో ఆ వాటా అందుకున్న కుటుంబాలు అరుదు. వందలకు అమ్మిన డ్రాయింగు లక్షలకు చేతులు మారినా గీసినవాడి ఇంటికి రూపాయి రాదు. ఇది సరిదిద్దాల్సిన అన్యాయం.

కొత్తగా కొనేవాళ్లకు పరిస్థితి కొంత తేలికయింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిత్రాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. వేలంలో అయితే సుత్తి పడిన ధర (ఆఖరి పాట) మీద వేలం సంస్థ తీసుకునే ప్రీమియం, పన్ను అదనం, అది ముందే లెక్కేసుకోవాలి. తిరిగి అమ్మితే వచ్చే లాభానికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉంది, 2007 బడ్జెట్ నుంచి పెయింటింగు ఆ పన్ను పడని సొంత వాడుక సామాను కింద రాదు. మద్రాసు తరం వాళ్ల కాన్వాసు అందకపోయినా కాగితం మీది డ్రాయింగులు, ఎచింగులు (లోహపు రేకు మీద గీసి తీసిన అచ్చులు) ఇంకా జీతగాడికి అందే చోటే ఉన్నాయి. బిల్లు, చిత్రకారుడి లేదా కుటుంబం సంతకం చేసిన పత్రం, ఫొటో, పాత ఎగ్జిబిషన్ బ్రోచర్ ఉంటే దాని నకలు, ఇవి లేకుండా ఎంత చవకైనా వద్దు. పేరున్న చిత్రకారుడికి గిరాకీ మొదలవగానే నకిలీలూ మొదలవుతాయి.

కోడంబాక్కం, వడపళని, టి.నగర్ ఇళ్లలో పాత కళాదర్శకుల, పత్రికా చిత్రకారుల స్కెచ్ కట్టలు ఇంకా అటకల మీద ఉన్నాయని నా నమ్మకం. అవి ఇంట్లో ఉన్నవాళ్లు దయచేసి లామినేషన్ చేయించకండి, వెనక బాల్‌పెన్నుతో రాయకండి. మెత్తని పెన్సిల్‌తో పేరు, ఏ సినిమాకో ఏ సంచికకో, సుమారు ఏ సంవత్సరమో రాసి, ఫొటో తీసి, ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తున్నది ఇప్పుడే అడిగి రాసుకోండి. బొంబాయి బొమ్మల వెంట ఉండి, మన బొమ్మల వెంట లేకుండా పోయినవి ఈ వివరాలే.