గోదారి నేలలో కలబంద

కోనసీమలో, భీమవరం వైపు పల్లెల్లో చాలా ఇళ్ళ గుమ్మాలకు దిష్టి తగలకుండా కలబంద మొక్కను వేళ్ళతో సహా పీకి తలకిందులుగా కడతారు. దానికి మట్టి ఉండదు, నీళ్ళు పోసే దిక్కూ ఉండదు. అయినా నెలల తరబడి పచ్చగా ఉంటుంది. కొన్నాళ్ళకు ఆకుల కొసలు వెలుగు కోసం పైకి వంపు తిరుగుతాయి, మొవ్వులోంచి కొత్త ఆకు కూడా వస్తుంది. అదే మొక్కను పెరట్లో నూతి పక్కన, అంట్లు తోమిన నీళ్ళు పారే చోట పాతి చూడండి. శ్రావణ భాద్రపదాల ముసురుకి మొదలు మెత్తబడి, కంపు కొట్టి, ఒక పక్కకి ఒరిగిపోతుంది. గాల్లో వేలాడుతూ బతికిన మొక్క ఇంత సారవంతమైన ఒండ్రు మట్టిలో ఎందుకు చచ్చిపోతుందో అర్థమైతే, కలబందను పెంచడం చాలావరకు వచ్చేసినట్టే.

కలబంద మన పెరళ్ళలో ఎన్ని తరాలుగా ఉన్నా దాని పుట్టిల్లు అరేబియా ద్వీపకల్పం. ఒమాన్ ఉత్తర భాగంలోని హజర్ పర్వతాల రాతి వాలుల్లో అది ఇప్పటికీ అడవి మొక్కగా పెరుగుతోంది. ఎప్పుడో ఒకసారి వాన పడుతుంది, పడిన నీరు రాళ్ళ మధ్య నుంచి జారిపోతుంది, మళ్ళీ నెలల తరబడి ఎండే. అలాంటి చోట మొక్కకు పెద్ద చిక్కు ఊపిరి దగ్గరే వస్తుంది. ఆహారం తయారు చేసుకోవాలంటే ఆకు మీది పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ని లోపలికి తీసుకోవాలి. తెరిచిన రంధ్రంలోంచి నీరు ఆవిరై పోతుంది. మన వరి పగలే రంధ్రాలు తెరుస్తుంది, కాళ్ళ కింద నీళ్ళుంటాయి కనుక దానికి లెక్కలేదు. కలబంద పగలంతా తలుపులు బిగించుకుని, చీకటి పడి గాలి చల్లబడ్డాక తెరుస్తుంది. రాత్రి తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ని మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లోని రిక్తికల్లో, అంటే సంచుల్లాంటి అరల్లో, నిల్వ చేసుకుంటుంది. తెల్లారి ఎండ రాగానే, రంధ్రాలు మూసి ఉండగానే, ఆ ఆమ్లాన్ని విడగొట్టి లోపల్లోపలే కిరణజన్య సంయోగక్రియ జరుపుకుంటుంది.

ఇందులో ఆదా ఎంతో చెప్పాలంటే, ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్‌ని సంపాదించడానికి వరి తరహా మొక్కలు సుమారు 400 నుంచి 500 గ్రాముల నీటిని ఆవిరి రూపంలో పోగొట్టుకుంటాయి. కలబంద పద్ధతిలో బతికే మొక్కలకు 50 నుంచి 100 గ్రాములతో సరిపోతుంది. నీరు మరీ కరువైతే రాత్రి కూడా రంధ్రాలు తెరవకుండా, తన శ్వాసక్రియలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌నే తిరిగి వాడుకుంటూ కాలం గడుపుతుంది. అప్పుడు ఎదుగుదల దాదాపు ఉండదు, ప్రాణం మాత్రం నిలబడుతుంది. గుమ్మానికి కట్టిన మొక్క చేసేది ఇదే.

రాత్రిపూట రంధ్రాలు తెరిచే ఈ పద్ధతి బయటపడిన చరిత్రలో మన ప్రాంతంతో సంబంధం ఉన్న మనిషి ఒకాయన ఉన్నాడని చాలామందికి తెలియదు. తూర్పు డెల్టా అంచున ఉన్న సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వారి మొక్కల తోట ఉండేది. దాన్ని పెంచిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్ళిపోయాక బాధ్యత బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి చేతికి వచ్చింది. ఆయన 1813లో లండన్‌లోని ప్రకృతి శాస్త్రవేత్తల సంఘం లిన్నియన్ సొసైటీ ఉపాధ్యక్షుడు లాంబర్ట్‌కి ఒక ఉత్తరం రాశాడు. ఇండియా తోటల్లో పెరిగే ఒక మొక్క ఆకు పొద్దున్నే నోట్లో వేసుకుంటే పుల్లగా ఉంటుందనీ, ఎండెక్కే కొద్దీ పులుపు తగ్గి మధ్యాహ్నానికి ఏ రుచీ లేకుండా పోతుందనీ, సాయంత్రానికి కాస్త చేదెక్కుతుందనీ అందులో ఉంది. ఆ మొక్క మనందరికీ తెలిసిన రణపాల. అదీ కలబంద పద్ధతిలోనే బతుకుతుంది. దాని ఆకులో రాత్రి చేరిన మాలిక్ ఆమ్లమే పొద్దుటి పులుపు. పగలు అది ఖర్చయిపోతుంది. అసలు రసాయనశాస్త్రం తేలడానికి ఇరవయ్యో శతాబ్దం రావాల్సి వచ్చింది గానీ, తొలి ఆధారం పట్టుకున్నవి ఒక మనిషి నాలుకా, ఓపికా. ఎవరైనా ఇంట్లో సరిచూసుకోవచ్చు. తెల్లారగట్ల ఒక రణపాల ఆకు, సాయంత్రం ఇంకో ఆకు చిదిమి నాలుక చివర అంటించి ఉమ్మేస్తే చాలు. మింగకండి. కలబందతో మాత్రం ఈ ప్రయోగం వద్దు, ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక మన నేల సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ డెల్టా అంతా నీటి చుట్టూ అల్లుకున్న బతుకు. జూన్‌లో కాలువలు వదిలితే ఊడ్పులు, ఆపైన వానలు, జులై ఆగస్టుల్లో గోదారి వరద, అక్టోబరు నవంబరుల్లో వాయుగుండాలు. మట్టి చూస్తే బరువైన ఒండ్రు, చాలా చోట్ల రేగడి. ఒకసారి తడిస్తే రోజుల తరబడి ఆరదు. నీటితో నిండిన మట్టిలో గాలికి చోటుండదు. వరి ఆ ఇబ్బందిని దాటగలదు, ఎందుకంటే దాని కాండంలో వేళ్ళలో గాలి గొట్టాల్లాంటి కణజాలం ఉండి పైనుంచి కిందికి ఆక్సిజన్ పంపుతుంది. కలబందకు ఆ ఏర్పాటు లేదు. దాని వేళ్ళు పైపైనే పరుచుకుంటాయి, పడిన కాసిని నీళ్ళను చప్పున పీల్చుకుని ఆరిపోవడానికి తయారైనవి అవి. మూడు నాలుగు రోజులు నీట నానితే ఊపిరాడక వేళ్ళు చస్తాయి. అప్పుడు మెత్తకుళ్ళు తెగులు తెచ్చే బ్యాక్టీరియా మొదట్లోకి చొరబడుతుంది. ఆకులు వడలినట్టు కనిపిస్తాయి. ఇంటివాళ్ళు దాహమేమో అనుకుని మరో చెంబుడు నీళ్ళు పోస్తారు. డెల్టాలో కలబందలు ఎక్కువగా పోయేది ఆ చెంబుడు నీళ్ళకే.

దాహానికీ కుళ్ళుకీ తేడా చేత్తో తెలుస్తుంది. నీరు చాలని ఆకు పలచబడి, అంచులు లోపలికి ముడుచుకుని, ఎండకు కాస్త ఎర్రబారుతుంది. నొక్కితే గట్టిగానే ఉంటుంది. కుళ్ళు పట్టిన ఆకు మొదటి దగ్గర పసుపుపచ్చగా, నీరు పట్టినట్టు కనబడుతుంది. వేలు పెడితే లోపలికి దిగిపోతుంది. మొదటి రకానికి నీళ్ళు పోస్తే వారంలో తేరుకుంటుంది. రెండో దాన్ని పీకి, కుళ్ళినంత మేర కోసేసి, మంచి పిలకలుంటే విడదీసి వేరే చోట నాటుకోవడమే.

కాబట్టి మన దగ్గర చోటు ఎంచుకోవడమే అసలు పని. పల్లంలో, చేలో వద్దు. మెరకలోనే వేయాలి. మెరక లేకపోతే అడుగు ఎత్తున మట్టి పోసి, అందులో మూడో వంతైనా గోదారి ఇసుక కలిపి, చుట్టూ బోదె తీయాలి. లంక భూముల్లో ఇసుక పాలు బాగానే ఉంటుంది, కానీ వరద వచ్చిందంటే రోజుల తరబడి నీట మునిగి ఉంటాయి కనుక నా దృష్టిలో అవి పనికిరావు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఒడ్డున ఉన్న ఇసుక మెరకలు దీనికి బాగా నప్పుతాయి. కొంతమేర ఉప్పును కూడా కలబంద ఓర్చుకుంటుంది. కొబ్బరి చెట్ల మధ్య వేసేట్టయితే ఎండ నేలదాకా దిగే ఎడం ఉన్న తోట చూసుకోవాలి. చిక్కటి నీడలో చావదు గానీ ఆకు కండపట్టదు. రొయ్యల చెరువుల పక్క నేల ఉప్పగా ఉంది, ఇంకేదీ పండట్లేదు, కలబంద వేద్దామని అడిగేవాళ్ళున్నారు. అక్కడ ఉప్పుతో పాటు ఊట కూడా ఉంటుంది, వేళ్ళను చంపేది ఆ ఊటే.

నాటడానికి విత్తనంతో పని లేదు, తల్లి మొక్క చుట్టూ వచ్చే పిలకలు చాలు. జానెడు పొడవున్న పిలకను విడదీసి, వెంటనే పాతకుండా మూడు నాలుగు రోజులు నీడలో పడేయాలి. తెగిన చోట పొర కడుతుంది, మట్టిలోని సూక్ష్మజీవులకు దారి మూసుకుంటుంది. ఆ తర్వాత రెండడుగుల ఎడంగా, మొవ్వులో మట్టి పడకుండా పైపైన నాటాలి. ఊడ్పులతో పాటు జూన్‌లో నాటే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మన వానలకు అది సరిపడదని నా అభిప్రాయం. తుఫాన్ల రోజులు దాటాక డిసెంబరు, జనవరిల్లో నాటితే వేసవి అంతా వేళ్ళు దిగడానికి సమయం దొరుకుతుంది, తొలకరి నాటికి మొక్క నిలదొక్కుకుంటుంది. వేసవిలో పదిరోజులకో తడి, వానాకాలంలో అసలు వద్దు. బాగా చివికిన పశువుల ఎరువు కాస్త వేస్తే చాలు. నర్సరీ నుంచి తెచ్చుకున్న కుండీ అయితే అందులో కొబ్బరి పొట్టు ఎంతుందో చూడండి. పొట్టు తడిని పట్టి ఉంచుతుంది కనుక ఇసుక కలిపిన మట్టిలోకి మార్చడం మంచిది. కిత్తనారను కలబంద అనుకుని తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. దాని ఆకు విరవబోతే లోపల గట్టి నారలుంటాయి, రసం ఒంటికి తగిలితే మంట, దురద. కలబంద ఆకు సులువుగా తెగి, జిగురు గుజ్జు బయటపడుతుంది.

ఒక ఏడాది వయసు మొక్క నుంచి అడుగున ఉన్న ముదురాకు మొదటికంటా కోసి, అడ్డంగా తెగిన చోట నిదానంగా చూడండి. పైన ఆకుపచ్చ తోలు. దాని కిందే వరసగా నాళాల చుక్కలు, వాటి నుంచి కొన్ని క్షణాల్లో పసుపుపచ్చటి పాలు ఊరుతాయి. మధ్యలో గాజులా తేటగా ఉండే గుజ్జు. గుజ్జులో 98 శాతానికి పైగా నీరే, ఎడారి కోసం దాచుకున్న నీరు. దాన్ని పట్టి ఉంచేవి ఎసిమానన్ వంటి జిగురు చక్కెరలు. పసుపు పాలు పూర్తిగా వేరే పదార్థం. అందులో అలోయిన్ ఉంటుంది. పశువులు మేయకుండా మొక్క చేసుకున్న కాపలా అది, విపరీతమైన చేదు. ఆ పాలను ఎండబెట్టిన నల్లటి గడ్డే ముసాంబ్రం, బెణుకుల మీద పట్టు వేయడానికి మన పెద్దలు వాడేది. కడుపులోకి పోతే పెద్దపేగులోని బ్యాక్టీరియా అలోయిన్‌ని విడగొట్టి పేగును రేపే పదార్థంగా మారుస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి.

అందువల్ల ఆకును మొదలు కిందికి ఉండేలా గిన్నెలో పావుగంట నిలబెట్టి పాలు కారనివ్వాలి. తర్వాత కడిగి, అంచుల ముళ్ళు తీసి, తోలు చెక్కి, గుజ్జును మళ్ళీ కడగాలి. ఈ పని చేయకుండా ఆకును తోలుతో సహా మిక్సీలో వేసి పరగడుపున తాగమని చెప్పే సలహాలు ఫోన్లలో తిరుగుతున్నాయి. దయచేసి పాటించకండి. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2002లో కలబంద పాలున్న విరేచనం మందులను దుకాణాల నుంచి తీసేయించింది. తోలుతో సహా తీసిన రసాన్ని రెండేళ్ళు తాగించిన ఎలుకల్లో పెద్దపేగు కణితులు వచ్చాయి. దాన్ని చూసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పూర్తి ఆకు సారాన్ని మనుషుల్లో క్యాన్సర్ తేగల అవకాశమున్న వాటి జాబితాలో, 2బి తరగతిలో పెట్టింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగరుకీ గుండెకీ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా కడుపులోకి తీసుకోకూడదు.

ఒంటి మీద వాడితే అంత భయం లేదు. 1935లో అమెరికాలో ఎక్స్‌రే వల్ల కమిలిన చర్మానికి తాజా ఆకు పెట్టి నయం చేశామని ఇద్దరు వైద్యులు రాసినప్పటి నుంచి ఆధునిక వైద్యం దీన్ని పరీక్షిస్తూనే ఉంది. చిన్నపాటి కాలిన గాయాలు త్వరగా మానాయని కొన్ని పరీక్షలు చెప్పాయి. గాయాల విషయంలో వచ్చిన పరిశోధనలన్నిటినీ 2012లో, వైద్య పరీక్షల ఫలితాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష కలిపి చూసి, గట్టి రుజువు అనదగ్గది ఇంకా లేదని తేల్చింది. పెసరట్టు పెనం తగిలి చుర్రుమన్న వేలిని ముందు పది ఇరవై నిమిషాలు చల్లటి నీటి ధార కింద పెట్టి, తర్వాత కడిగిన గుజ్జు రాయడంలో తప్పులేదు. బొబ్బ చిట్లినా, గాయం లోతుగా ఉన్నా ఆస్పత్రికి పోవాలి. ముఖానికి రాసేవారు ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూసుకోవాలి.

ఎకరాల్లో వేద్దామనుకునే రైతుకు చెప్పాల్సింది ఒకటుంది. కోసిన ఆకులో దాదాపు అంతా నీరే కనుక బరువుకి తగ్గ విలువ ఉండదు, లారీ కిరాయే తినేస్తుంది. పైగా తెగిన క్షణం నుంచి లోపలి ఎంజైములు జిగురు చక్కెరలను విరగ్గొట్టడం మొదలుపెడతాయి. కొద్ది గంటల్లో గుజ్జు తీసి శుద్ధి చేసే యూనిట్ దగ్గర్లో ఉంటేనే గిట్టుబాటు. పిలకలు అమ్మేవాళ్ళు ఆకు మేమే కొంటామని చెబుతారు. ఎంతకి, ఎన్నేళ్ళు, రవాణా ఎవరిది అన్నవి కాగితం మీద రాయించుకోకుండా వేయొద్దు. కొబ్బరి తోటలో ఒక మెరక మడితో మొదలుపెట్టి, ఒక వానాకాలం దాటించి, ఎన్ని మొక్కలు నిలిచాయో లెక్క చూసుకున్నాకే మిగతా నేల సంగతి ఆలోచించాలి.