వేరుకు దారి ఎవరు చెప్పారు?

గుంటూరు, బ్రాడీపేట,
ఆదివారం.

మూడో తరగతి పిల్లలందరికీ,

ఆశీస్సులు. మీ టీచరమ్మ మీ కార్డులన్నీ ఒక కవర్లో పెట్టి పంపించారు. వరసపెట్టి అన్నీ చదివాను. ఈ వారం బడిలో ఏం చేశారో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా రాశారు. చాలామందికి గురువారం ఉప్పలపాడు చెరువు దగ్గర చూసిన గూడబాతులు బాగా నచ్చినట్టున్నాయి. కింద సంచిలా వేలాడే ఆ ముక్కులు భలే గీశారు. ఒకబ్బాయి మాత్రం శనివారం గురించే రాశాడు. ఆ రోజు పుస్తకాల సంచీ మొయ్యక్కర్లేదు కదా! వాడు రాసింది న్యాయమే. మీ వయసు వీపుల మీద అంత బరువు పెట్టడం నాకెప్పుడూ నచ్చలేదు.

కార్డుల్లో ఒకదాన్ని విడిగా తీసి పక్కన పెట్టుకున్నాను. అందులో ఇలా ఉంది: "తాతయ్యా, నా బొబ్బర్ల గింజను నేను తలకిందులుగా పెట్టాను. వేరు ముందు పైకి వచ్చి, తరవాత వంగి కిందికి వెళ్లిపోయింది. గ్లాసులో మట్టి లేదు. కాగితం పైన కూడా తడిగానే ఉంది. మరి కింద ఎటుందో దానికెవరు చెప్పారు?"

ఎంత మంచి ప్రశ్న తల్లీ! రెండు రోజులుగా నా మనసులో ఇదే తిరుగుతోంది. నీకు రాసే జవాబే అందరికీ రాస్తున్నాను.

ముందు ఒక మాట. మంగళవారం గురించి మీలో సగం మంది "ఈ రోజు ఏమీ జరగలేదు" అని రాశారు. నేనొప్పుకోను. సోమవారం టీచరమ్మ గాజుగ్లాసు లోపల తడి కాగితం చుట్టి, గాజుకీ కాగితానికీ మధ్య గింజలు ఇరికించారు. మంగళవారానికి ఆ గింజలు ఉబ్బాయి కదా? పైతోలు ముడతలు పడిందని ఒక పాప రాసింది కూడా. గింజ ఆ రోజంతా నీళ్లు తాగింది. లోపల ఎన్నాళ్లనుంచో నిద్రపోతున్న మొలక లేచింది. దానికి అప్పుడే మట్టి అక్కర్లేదు. బొబ్బర్లను నానబెట్టి చిదిమితే రెండు పప్పుబద్దలు వస్తాయే, మొదటి రోజులకు కావలసిన తిండి అంతా వాటిలోనే దాచి ఉంటుంది. బుధవారం కన్ను పక్కనుంచి తెల్లగా తొంగిచూసింది వేరు. ఆకు కాదు, కాండం కాదు, ముందు వేరు. మీరు గింజను ఎటు పెట్టినా ముందు వచ్చేది అదే.

ఇక అసలు సంగతి. ఇవాళ వంటింట్లో అమ్మనడిగి మూత గట్టిగా పట్టే చిన్న గాజుసీసా ఒకటి తెచ్చుకోండి. అందులో గుప్పెడు బియ్యం, సగానికి నీళ్లు పోసి మూత బిగించండి. నిలబెడితే బియ్యం ఎక్కడున్నాయి? అడుగున. పడుకోబెట్టండి. బియ్యం జారి, కిందికి వచ్చిన పక్క గోడ మీద పరుచుకుంటాయి. తలకిందులు చేస్తే మూత మీదికి చేరతాయి. మీరు కళ్లు మూసుకుని ఉన్నా, బియ్యం ఎక్కడ ఆనాయో ఎవరైనా చెబితే చాలు, కింద ఎటో మీరు చెప్పేయగలరు.

వేరు చేసే పనీ ఇదే. వేరు కొసన చిన్న తొడుగు ఉంటుంది. దాని లోపల కంటికి కనిపించని గదులుంటాయి. వాటినే కణాలంటారు. ఆ గదుల్లో పిండి రేణువులుంటాయి. అన్నంలో ఉండే పిండిలాంటి పిండే. గింజను ఎటు తిప్పితే అటు, ఆ రేణువులు జారి కిందివైపు గోడ మీదికి చేరతాయి. మన సీసాలో బియ్యం టక్కున పడిపోతాయి. వేరులో అంత తొందర ఉండదు. సీసాలో నీళ్లకు బదులు చిక్కటి గంజి పోసి చూడండి, బియ్యం ఎంత తాపీగా దిగుతాయో. అలాగన్నమాట. అయినా కొద్ది నిమిషాల్లోనే దిగిపోతాయి. వేరు కొసన ఇలాంటి సీసాలు ఒకటి కాదు, పక్కపక్కనే బోలెడు పేర్చి ఉంటాయి. ఒక సీసాలో బియ్యం కాస్త అటూ ఇటూ అయినా పక్క సీసాలు సరిచేస్తాయి.

బియ్యం సరే, బియ్యం పడితే వేరెందుకు వంగాలి అని అడుగుతారు. అడగాలి కూడా. బియ్యం ఆనిన వైపుకి ఆక్సిన్ అనే పదార్థం ఎక్కువగా చేరుతుంది. అది ఎక్కువైతే వేరు ఆ పక్క పెరగడం తగ్గిస్తుంది. పైపక్క మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఒక పక్క పొడవై ఇంకో పక్క పొట్టిగా ఉంటే ఏమవుతుంది? పొట్టిగా ఉన్న పక్కకి వంగుతుంది. అంటే కిందికి.

ఇది నమ్మకపోతే నమ్మొద్దు. నమ్మని మనిషొకాయన ఉండబట్టే ఇదంతా తేలింది. ఇంగ్లండులో థామస్ ఆండ్రూ నైట్ అని తోటల మీద ప్రాణం పెట్టుకున్న ఒక పెద్దమనిషి. వేరుని కిందికి లాగేది భూమి ఆకర్షణేనా అని ఆయనకు అనుమానం. తన తోటలో పారే కాలువ నీళ్లతో తిరిగే చక్రం ఒకటి పెట్టి, దాని అంచుకి చిక్కుడు జాతి గింజలు కట్టాడు. చక్రం నిమిషానికి 150 చుట్లు తిరిగేది. అంత వేగంగా తిరిగే గింజకు కింద ఎటు, పైన ఎటు? మన సీసాకు తాడు కట్టి గిర్రున తిప్పారనుకోండి, బియ్యం బయటివైపుకే పోయి అంటుకుంటాయి కదా. సరిగ్గా అలాగే ఆ గింజల వేర్లన్నీ చక్రం బయటివైపుకి పెరిగాయి, మొలకలన్నీ చక్రం నడిమికి పెరిగాయి! ఆయన ఆ సంగతి 1806లో ప్రకటించాడు. పిండి రేణువుల మాట అప్పటికి ఎవరికీ తెలియదు. 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి ఇంకో అడుగు వేశారు. వేరు కొస కాస్త తుంచేస్తే, ఆ వేరు పెరుగుతుంది గానీ కింద ఎటో మరిచిపోతుందని చూపించారు. తెలివంతా కొసనే ఉందన్నమాట.

చక్రం మాట చెబుతుంటే నాకు మా ఊరి ఇసుక గుర్తొస్తోంది. మాది బాపట్ల వైపు పల్లె. మీ వయసులో మాకు గాజుగ్లాసులూ టీచరమ్మ పంచిన గింజలూ లేవు. తాటిచెట్లున్నాయి. శ్రావణ భాద్రపదాల్లో తాటిపండ్లు రాలితే, పీచు పీక్కుని తినేసి టెంకలు పెరట్లో పోగేసేవాళ్లం. ఆ టెంకలతో నాయనమ్మ ఇసుకలో పాతర వేసేది. ఆవిడ ఏదీ సరిగా నిలబెట్టి పేర్చేది కాదు. బుట్టతో తెచ్చి కుమ్మరించి, పైన ఇసుక కప్పేది. ఒకటి పడుకుని, ఒకటి బోర్లా, ఇంకొకటి దాని నెత్తిన. చలికాలం వచ్చాక పాతర తవ్వేవాళ్లం. ఒక్క తేగ కూడా పైకి పోయి ఉండేది కాదు. అన్నీ నిటారుగా ఇసుకలోకి దిగి ఉండేవి. తవ్వే పలుగు తగిలి తేగ విరిగితే నాయనమ్మ కేకలేసేది. అందుకని చేతులతోనే ఇసుక తోడేవాళ్లం, గోళ్ల సందుల్లో ఇసుక ఇరుక్కుని రాత్రి అన్నంలో పళ్ల కింద తగిలేది.

తేగ చిత్రమైనది పిల్లలూ. ఆకాశం చూడాల్సిన మొలక ముందు భూమిలోకి మూరెడు దిగుతుంది. అక్కడ వేరు వేసుకుని, ఆ తరవాతే తన లోపలినుంచి ఆకుని పైకి పంపుతుంది. తంపటి వేసిన తేగ మీకు దొరుకుతుంది, చలికాలంలో మన ఊరి రోడ్ల పక్కనే కట్టలు కట్టి అమ్ముతారు. నిలువునా చీల్చండి. మధ్యలో పసుప్పచ్చగా సన్నటి కడ్డీ ఉంటుంది. మేం దాన్ని చందమామ అనేవాళ్లం. ఎవరికి పొడుగు చందమామ వస్తే వాళ్లు గెలిచినట్టు. తాటాకు పుట్టబోయేది అదే. మేము తినేసేవాళ్లం. టెంక పగలగొడితే లోపల మెత్తటి బుర్రగుంజు, అది ఇంకా రుచి. మీరు తినే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి, తరవాత తినండి.

మీ ఇళ్లలో "వారమంతా ఆడించారు, ఒక్క పాఠం రాయించలేదు" అన్నారని కొందరు రాశారు. వాళ్లకు నా మాటగా చెప్పండి. బుధవారం నుంచి శుక్రవారం దాకా స్కేలు పెట్టి వేరు పొడవు మిల్లీమీటర్లలో రాశారే, అది లెక్కలు. ఎవరి గింజ కన్ను ఎటు పెట్టారో వరసగా పట్టిక గీశారే, అదీ లెక్కలే. చూసింది చూసినట్టు కార్డు నిండా రాశారే, అంతకన్నా మంచి తెలుగు పాఠం లేదు. పైగా ఒక పాప అడిగిన ప్రశ్న చూస్తే, ముందే జవాబు చెప్పేయకుండా నోరు కట్టుకున్న మీ టీచరమ్మ మీద నాకు గౌరవం పెరిగింది. పిల్లల ముందు జవాబు దాచుకోవడం తేలిక పని కాదు.

ఇప్పుడు ఇంకో చిక్కు మిగిలింది. వేరుకైతే ఆక్సిన్ ఎక్కువైన పక్క పెరుగుదల తగ్గుతుంది అన్నాను. అదే ఆక్సిన్ కాండంలో కిందిపక్కకు చేరితే, అక్కడ పెరుగుదల ఎక్కువవుతుంది. కాబట్టి కాండం పైకి లేస్తుంది. ఒకే గింజ, ఒకే పదార్థం, అది వేరుకు ఒకలా, కాండానికి ఇంకొకలా పని చేస్తుంది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. దీన్ని మాటలతో ఇంకా వివరిస్తే మీరు చూడ్డం మానేస్తారు. అందుకని ఇక్కడ ఆపుతున్నాను.

రేపు సోమవారం బడికి వెళ్లగానే ఈ పని చెయ్యండి. వేరు తిన్నగా పెరిగిన గ్లాసొకటి ఎంచుకోండి. వేరు కొస ఎక్కడుందో గాజు మీద స్కెచ్‌పెన్నుతో చుక్క పెట్టండి. నీళ్లు ఒంపేసి, కాగితం తడి ఆరకుండా చూసుకుంటూ గ్లాసుని బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టండి. దొర్లకుండా అటూ ఇటూ డస్టర్లు పెట్టండి. మధ్యాహ్నం అన్నాల తరవాత ఒకసారి, ఇంటికి పోయే ముందు ఒకసారి చూడండి. వేరు మొత్తం వంగిందా, కొస ఒక్కటే వంగిందా? ఎవ్వరూ గింజను బయటికి లాగి చూడకూడదు, లాగితే వేరు మీది సన్నటి నూగు తెగిపోతుంది. ఇంకో గ్లాసులో ఒక వేరు కొసని గోటితో ఆవగింజంత తుంచి, తుంచని దాని పక్కనే అడ్డంగా పెట్టండి. రెండింటికీ తేడా ఉంటే ఏమిటో గురువారం లోపు బొమ్మ గీసి పంపండి. బొమ్మ మీద రోజూ, వేళా రాయడం మరవొద్దు.

మీ
తాతయ్య