బీటిల్స్ విడిపోయాక: నలుగురి సోలో పాటలూ ఒకే క్యాసెట్లోకి ఏరడం గురించి అపోహలు, వాస్తవాలు

విజయవాడలో నాకు క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. కాగితం మీద పాటల లిస్టు రాసుకొచ్చి ఇచ్చేవాళ్లు. 60 క్యాసెట్టా, 90 క్యాసెట్టా అని అడిగి, రెండు రోజులు ఆగి రమ్మని పంపేవాణ్ని. ఎక్కువ లిస్టులు ఘంటసాలవి, ఇళయరాజావి. ఒక ఇంగ్లీషు లెక్చరర్ గారు మాత్రం లిస్టు లేకుండా వచ్చారు. చేతిలో సంచీ నిండా క్యాసెట్లు. "బీటిల్స్ విడిపోయాక నలుగురూ విడివిడిగా పాడినవి ఇవి. బాగున్నవి నువ్వే ఏరి ఒక 90లో పెట్టవయ్యా" అన్నారు.

జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. ఆ ఇంగ్లీషు బ్యాండ్‌లోని ఈ నలుగురి హిట్లూ వరసగా ఎక్కించి ఇచ్చాను. వారం తిరక్కుండా ఆయన దాన్ని తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. "పాటలన్నీ బాగున్నాయి. క్యాసెట్టే బాలేదు."

ఆ మాట అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. తర్వాత షాపు మూసేసి ఒక ఎఫ్ఎం స్టేషన్లో పాటల వరస వేసే ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు తెలిసినవాళ్ల కోసం ప్లేలిస్టులు చేసిపెడుతుంటాను. ఆ 90 క్యాసెట్‌ని ఎన్నిసార్లు విప్పి మళ్లీ కట్టానో లెక్కలేదు. ఇప్పుడు టేపు లేకపోయినా అటు 45 నిమిషాలు, ఇటు 45 నిమిషాలు అన్న లెక్క మాత్రం వదల్లేదు. హద్దు లేకపోతే ఏరడం ఉండదు, పోగేయడమే ఉంటుంది. ఈ పనిలో నాకు తరచూ ఎదురయ్యే నమ్మకాలు కొన్ని, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: నలుగురి 'గ్రేటెస్ట్ హిట్స్' తీసుకుని కలిపేస్తే సరిపోతుంది.

నేను మొదట చేసిన తప్పు ఇదే. హిట్ అనేది పాటకున్న గుణం మాత్రమే కాదు, కంపెనీ ఏ పాటను సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, వదిలిందన్నది కూడా. పాల్ మెకార్ట్నీ పాటల్లో చాలామంది నెత్తిన పెట్టుకునే 'మేబీ ఐయామ్ అమేజ్డ్' 1970లో ఆల్బమ్‌లో వచ్చింది కానీ అప్పుడు సింగిల్‌గా రాలేదు. హిట్ పాటల పట్టికల్లోకి, అంటే చార్టుల్లోకి ఎక్కింది 1977లో, అదీ కచేరీ రికార్డింగ్. జాన్ లెనన్ 'ఇమాజిన్' ఆల్బమ్ 1971లో వస్తే, ఆ పాట బ్రిటన్లో సింగిల్‌గా విడుదలైంది 1975లో. మెకార్ట్నీదే 'మల్ ఆఫ్ కింటైర్' బ్రిటన్లో 20 లక్షలు దాటి అమ్ముడైన మొదటి సింగిల్. అమెరికాలో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. మరి ఎవరి చార్టు చూసి ఏరతారు?

ఇక కంపెనీలు చేసే సంకలనాల సంగతి. 1976లో క్యాపిటల్ వాళ్లు 'ద బెస్ట్ ఆఫ్ జార్జ్ హారిసన్' తెచ్చారు. అందులో ఒక వైపంతా బీటిల్స్ రోజుల్లో ఆయన రాసిన పాటలే. సోలో పాటలకు మిగిలింది రెండో వైపు. ఇలా చేయడం హారిసన్‌కు నచ్చలేదు. ఆరేళ్లుగా సొంతంగా నిలబడ్డ మనిషికి ఇంకా పాత ఇంటిపేరు తగిలించి పిలిచినట్టుంటుంది కదా మరి.

అపోహ: సోలో అంటే 1970 తర్వాతే.

బీటిల్స్ నుంచి తప్పుకున్నానని మెకార్ట్నీ బయటికి చెప్పింది 1970 ఏప్రిల్లో. కానీ హారిసన్ మొదటి సొంత ఆల్బమ్ 'వండర్‌వాల్ మ్యూజిక్' 1968 నవంబర్లోనే వచ్చింది. దాంట్లో కొంత భాగం ఆ ఏడాది జనవరిలో మన బొంబాయిలోనే, మన వాద్యగాళ్లతో రికార్డయింది. లెనన్ 'గివ్ పీస్ ఎ ఛాన్స్' 1969 జూలైది. అంటే ఇల్లు పంచుకోకముందే వేరు పొయ్యిలు పెట్టుకున్నారన్నమాట.

దీనికి తిరగేసిన సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. సోలో పాటలని మనం అనుకునేవాటిలో కొన్ని ఉమ్మడి ఇంట్లోనే పుట్టాయి. 1968లో రిషీకేశ్ ఆశ్రమంలో ఉన్నప్పుడు లెనన్ ఒక పాట కట్టాడు, పేరు 'చైల్డ్ ఆఫ్ నేచర్'. రిషీకేశ్‌కు పోయే దారి ప్రస్తావన అందులో ఉంటుంది. అది బీటిల్స్ ఆల్బమ్‌లోకి ఎక్కలేదు. మూడేళ్ల తర్వాత అదే బాణీకి వేరే మాటలు పెట్టి 'జెలస్ గై' చేశాడు. మెకార్ట్నీ 'జంక్' కూడా ఆ రిషీకేశ్ రోజులదే. హారిసన్ 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' పాటను 1969 జనవరిలో బ్యాండ్‌తో కలిసి సాధన చేసి కూడా పక్కన పెట్టేశారు.

అందుకే తేదీ చూసి కోత పెట్టను. ఆ మనిషి పేరుతో బయటికొచ్చిందా లేదా, అంతే.

అపోహ: విడిపోయాక ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కొట్లాట నిజం. 1970 డిసెంబర్ 31న మెకార్ట్నీ కోర్టుకెక్కాడు. 1971లో 'టూ మెనీ పీపుల్' పాటలో లెనన్‌ను గిల్లాడు. అదే ఏడాది లెనన్ 'హౌ డూ యూ స్లీప్?' అంటూ గిల్లడం కాదు, పచ్చిగా కొట్టాడు. ఆ పాటలో స్లైడ్ గిటార్ వాయించింది హారిసన్. నేను ఈ రెంటినీ పక్కపక్కన పెట్టను. పెట్టమని చాలామంది అడుగుతారు, సరదాగా ఉంటుందని. పంచాయతీ వినడానికి ఒకసారి బాగుంటుంది. క్యాసెట్ వందసార్లు వినాలి.

కానీ అసలు కథ పాటల వెనక పేర్లు చదివితే తెలుస్తుంది. 1970 జనవరి 27న లెనన్ 'ఇన్‌స్టంట్ కర్మ' రాసి, ఆ రోజే రికార్డు చేశాడు. పది రోజుల్లో అది బజార్లో ఉంది. గిటార్ హారిసన్‌ది. లెనన్ 'ప్లాస్టిక్ ఓనో బ్యాండ్' ఆల్బమ్‌లో డ్రమ్స్ రింగోవి. రింగో 'ఇట్ డోంట్ కమ్ ఈజీ'కి ప్రొడ్యూసర్ హారిసన్. 1973లో రింగో తన పేరుతోనే ఒక ఆల్బమ్ చేస్తే, ఒక పాట లెనన్ రాసిచ్చాడు, ఒకటి మెకార్ట్నీ దంపతులు రాసి వాయించారు, ఇంకొకటి హారిసన్ కలిసి రాశాడు. నలుగురూ ఒక గదిలో కూర్చోలేదు కానీ ఒక అట్టపెట్టెలో ఉన్నారు. అన్నదమ్ములు మాట్లాడుకోకపోయినా చిన్నోడి పెళ్లికి మాత్రం అందరూ చదివింపులు పంపినట్టు.

1974 మార్చిలో లెనన్, మెకార్ట్నీ బర్‌బ్యాంక్‌లో ఒక స్టూడియోలో కలిసి వాయించారు కూడా. ఆ టేపు విన్నాను. చరిత్రకే తప్ప చెవికి పనికిరాదు.

అపోహ: నలుగురికీ సమానంగా వాటా ఇవ్వాలి. జాన్, పాల్, జార్జ్, రింగో, మళ్లీ జాన్... ఈ వరసలో పోవాలి.

లెక్చరర్ గారు బాలేదన్నది దీన్నే. వరస అంటే వంతు కాదు. ఒక పాట ఎక్కడ ఆగింది, తర్వాతది ఎక్కడ మొదలైంది అన్నది ముఖ్యం. నా చేతిలో నిలిచిన కొన్ని అతుకులు చెబుతాను.

మొదటి పాట రింగోది, 'ఇట్ డోంట్ కమ్ ఈజీ'. అందరూ ఆశ్చర్యపోతారు. పెళ్లింట్లో గుమ్మం దగ్గర ఎవరిని నిలబెడతాం? ఇంట్లో పెద్ద పండితుణ్ని కాదు కదా, అందరినీ నవ్వుతూ పలకరించేవాణ్ని. ఆ పాట మొదట్లో వచ్చే గిటారు ఆ పని చేస్తుంది. దాని తర్వాత 'ఇన్‌స్టంట్ కర్మ' వస్తే డ్రమ్స్ ఊపు అలాగే సాగుతుంది.

కష్టమైన అతుకు లెనన్ 'మదర్'. గంటల మోతతో మొదలై గొంతు చించుకునే అరుపుల్లో ముగుస్తుంది. దాని తర్వాత ఏది పెట్టినా అప్రతిష్ఠే. ఒకసారి హుషారైన పాట పెట్టాను, చావింట్లో సన్నాయి మోగినట్టయింది. ఇప్పుడు దాని వెనక 'జంక్' పెడతాను. రెండూ 1970వే. ఆ అరుపుల తర్వాత మెకార్ట్నీ గిటార్ మీద సన్నగా పాడుతుంటే గదిలో ఎవరో దీపం తగ్గించినట్టుంటుంది. ఇద్దరూ పద్దెనిమిదేళ్లు నిండే లోపే తల్లులను పోగొట్టుకున్న పిల్లలన్న సంగతి తెలిసినవాళ్లకు ఇంకొంచెం వినిపిస్తుంది. తెలియనివాళ్లకు కూడా అతుకు కనబడదు.

'మై స్వీట్ లార్డ్' సైడ్ చివర పెడతాను. దాని వెనక వచ్చే పాటను ఎవరూ వినరు, అందుకు. ముఖ్యంగా మన ఇళ్లల్లో. వెనక గొంతులు హరేకృష్ణ దగ్గర్నుంచి 'గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః' అనగానే, బడి ప్రార్థనలో చేతులు కట్టుకు నిలబడ్డవాళ్లంతా ఒక్కసారి తల తిప్పుతారు. అది ఎన్ని ఇళ్లల్లో చూశానో. ఈ పాట బాణీ మీద కేసు నడిచి, 1976లో అమెరికా కోర్టు హారిసన్ తెలియకుండానే 'హీజ్ సో ఫైన్' అనే పాత పాటను కాపీ కొట్టాడని తేల్చింది. ఆ పాట కూడా వినండి. కోర్టు అన్నది తప్పని అనిపించదు. అయినా సైడ్ చివర చోటు దీనిదే.

వాటాల సంగతి. హారిసన్‌కు బీటిల్స్ ఆల్బమ్‌లో దక్కేది మామూలుగా రెండు, మూడు పాటలు. పేరుకుపోయినవన్నీ 1970 నవంబర్లో మూడు డిస్కుల ఆల్బమ్‌గా బయటపడ్డాయి. ఆ ఏడాది వరకు చూస్తే నా క్యాసెట్లో ఎక్కువ చోటు ఆయనదే. 1973లో మెకార్ట్నీది. సమానత్వం పాటించాలంటే ఒకరి రెండో రకం సరుకు కోసం ఇంకొకరి మొదటి రకాన్ని తీసేయాలి. పైగా హారిసన్ 'ఈజింట్ ఇట్ ఎ పిటీ' ఒక్కటే ఏడు నిమిషాలు. అది పెడితే రెండు మంచి పాటలు దిగిపోవాలి. నేను నాలుగుసార్లు పెట్టి నాలుగుసార్లు తీశాను. ప్రస్తుతం ఉంది.

అపోహ: రింగోవి మొహమాటానికి పెట్టాలి.

1971 నుంచి 1975 వరకు అమెరికాలో వరసగా ఏడు సింగిల్స్ టాప్ 10లోకి ఎక్కించిన మనిషికి మనం మొహమాటం చూపించేదేముంది. వాటిలో రెండు నంబర్ వన్. లెనన్ బతికుండగా అక్కడ సోలోగా నంబర్ వన్ అయ్యింది ఒక్కటే, 1974లో.

అపోహ: మెకార్ట్నీ తర్వాత పెట్టిన వింగ్స్ వేరే బ్యాండ్, సోలో కిందికి రాదు.

నియమం ప్రకారం నిజమే. కానీ వింగ్స్ ఆల్బమ్ 'బ్యాండ్ ఆన్ ద రన్' తీయడానికి 1973లో నైజీరియాలోని లాగోస్ వెళ్లబోతుంటే చివరి నిమిషంలో ఇద్దరు సభ్యులు మానేశారు. మిగిలింది మెకార్ట్నీ, భార్య లిండా, గిటారిస్టు డెనీ లేన్. డ్రమ్స్ కూడా మెకార్ట్నీనే వాయించుకున్నాడు. అక్కడ కత్తి చూపించి పాటల డెమో టేపులు ఎత్తుకుపోతే గుర్తున్నది గుర్తున్నట్టు మళ్లీ కట్టాడు. దీన్ని సోలో కాదని నేను అనలేను.

అపోహ: పాట ఒకటే కదా, ఏ వెర్షన్ అయితేనేం.

ఇప్పుడు ఫోన్లో వెతికితే ఒకే పాట ఐదు రకాలుగా వస్తుంది. 'మై స్వీట్ లార్డ్'కు హారిసన్ చివరి రోజుల్లో మళ్లీ పాడిన వెర్షన్ ఉంది. 'మదర్' సింగిల్‌లో గంటలు కోసేశారు. గంటలు లేని 'మదర్' నాకొద్దు. 'ఇమాజిన్'కు 2018లో, 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్'కు 2021లో కొత్త మిక్సులు, అంటే గొంతు, వాద్యాల పాళ్లు మార్చి మళ్లీ కలిపినవి, వచ్చాయి. వాటిలో గొంతు ముందుకొస్తుంది, ప్రతిధ్వని తగ్గుతుంది. విడిగా వింటే కొత్త మిక్సే బాగుందనిపించవచ్చు. కానీ దాని పక్కన 1970 నాటి మిక్సు పెడితే ఒకటి ఏసీ గదిలో, ఇంకొకటి వరండాలో పాడినట్టుంటుంది. నా పద్ధతి ఒకటే: అయితే అన్నీ పాత మిక్సులు, లేకపోతే అన్నీ కొత్తవి. శబ్దం స్థాయి కూడా చూసుకోవాలి. షాపులో డెక్ మీద ముల్లు ఊగేది, దాన్ని చూసి నాబ్ తిప్పేవాణ్ని. ఇప్పటి యాప్‌లు అన్ని పాటలనూ ఒకే స్థాయికి తెచ్చే సెట్టింగ్ ఇస్తున్నాయి. అది ఆన్ చేస్తే నెమ్మదైన 'జంక్' కూడా మెకార్ట్నీ హోరు పాట 'జెట్' అంత గట్టిగా మోగే ప్రమాదం ఉంది. ఆపేసి చేత్తో సరిచేసుకోండి, అరగంట పని.

అపోహ: డెబ్బైల తర్వాత వినదగ్గదేమీ లేదు.

ఇది నేనూ నమ్మాను, అందుకే నా పాత క్యాసెట్లన్నీ 1980 దగ్గర ఆగిపోయేవి. లెనన్ పోయాక మెకార్ట్నీ 1982లో చేసిన 'హియర్ టుడే' విని మనసు మార్చుకున్నాను. గిటారు, నాలుగు తీగవాద్యాలు, పోయిన స్నేహితుడితో కబురు. నిర్మాత బీటిల్స్ నాటి జార్జ్ మార్టినే. హారిసన్ 1987లో తెచ్చిన 'గాట్ మై మైండ్ సెట్ ఆన్ యూ'తో 1988 జనవరిలో మళ్లీ అమెరికాలో నంబర్ వన్ అయ్యాడు. అది 1962 నాటి వేరేవాళ్ల పాట, హుషారుగా ఉంటుంది, నా లిస్టులో లేదు. ఆయన పోయాక కొడుకు ధనీ, నిర్మాత జెఫ్ లిన్ పూర్తి చేసి 2002లో తెచ్చిన 'బ్రెయిన్‌వాష్డ్' నుంచి మాత్రం ఒకటి ఉంది.

చివరి పాట విషయంలో నాకు ఏళ్ల తరబడి టెన్షన్. ఒకప్పుడు 'ఇమాజిన్' పెట్టేవాణ్ని, అందరూ పెట్టేదే. 2002 నవంబర్ 29న, హారిసన్ పోయిన ఏడాదికి, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఆయన కోసం కచేరీ జరిగింది. రింగో వచ్చి 'ఫొటోగ్రాఫ్' పాడాడు. తనూ హారిసన్ కలిసి రాసుకున్న పాట అది, 1973లో వచ్చింది. విడిపోయిన ప్రియురాలి ఫొటో చూసుకుంటూ, ఆమె ఇక తిరిగి రాదని పాడుకునే పాట. ఆ రాత్రి అదే పాట ఇంకొకరి గురించి అయిపోయింది. ఆ వీడియో చూసిన రోజే సైడ్ బి చివర నుంచి 'ఇమాజిన్' తీసి పైకి జరిపాను. గుమ్మం దగ్గర పలకరించినవాడే చివర్లో తలుపు దగ్గరకు వేస్తాడు.