మొదటి షిఫ్టు జనం ఎటు పోయారు?

హైదరాబాద్ పేరుతో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్‌లో ఆడిన క్లబ్బు 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి మకాం ఎత్తేసింది. దాంతో పాత మాట మళ్లీ బయటికొచ్చింది: తెలంగాణలో ఫుట్‌బాల్‌కు జనం రారు. ఆ క్లబ్బు ఆడిన గచ్చిబౌలి స్టేడియం గురించి మొదలైన ఈ మాట ఇప్పుడు ఉత్తర తెలంగాణలో కాజీపేట, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి దాకా పాకింది. ఇరవై మంది కూడా చూడని ఆటకు అంత జాగా దేనికి, వాకింగ్ ట్రాకో ఓపెన్ జిమ్మో పెడితే నలుగురికి పనికొస్తుంది కదా అని ఒక వాదన. మైదానం పోతే ఆ ఇరవై మందీ మిగలరని చిన్న క్లబ్బుల వాళ్ల గోడు.

ముందు హైదరాబాద్ ఉదాహరణ ఎంత బలమైనదో చూద్దాం. ఆ క్లబ్బు 2019-20లో గచ్చిబౌలిలో మొదటి సీజన్ ఆడి అట్టడుగున నిలిచింది. కరోనా వల్ల తర్వాతి రెండు సీజన్లూ లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచిన జట్టు, ఆ సీజన్‌లో సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మరుసటి ఏడు ఇంటికొచ్చి రెండో స్థానం తెచ్చుకుంది. ఆ పై ఏడు జీతాలు ఆగిపోయాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు, సీజన్ మొత్తమ్మీద గెలిచింది ఒక్క మ్యాచ్. అంటే బాగా ఆడే జట్టును సొంత మైదానంలో చూసే వీలు జనానికి దొరికింది ఒకే ఒక్క సీజన్. దీన్ని పట్టుకుని ఉత్తర తెలంగాణ పల్లె, పట్టణాల మీద తీర్పు చెప్పడం తొందరపాటు.

కోచ్ రహీం సాబ్, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరుసగా గెలిచిన ఐదు రోవర్స్ కప్పులు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ప్రతి వ్యాసంలోనూ వచ్చేవే కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాం. పైగా గోదావరి ఒడ్డున ఫుట్‌బాల్‌కు జనం గుమిగూడటానికి వాటితో పెద్దగా పని లేదు. ఇక్కడి జనం బొగ్గుబాయి నుంచి, మిల్లు నుంచి, రైల్వే లోకో షెడ్డు నుంచి వచ్చారు.

బొగ్గుబాయి మొదటి షిఫ్టు ఉదయం ఏడింటికి మొదలై మధ్యాహ్నం మూడింటికి అయిపోతుంది. పైకొచ్చి, ల్యాంప్ రూంలో క్యాప్ ల్యాంప్ అప్పజెప్పి, నాలుగు చెంబులు పోసుకుని, క్వార్టర్‌లో ఇంత తిని బయటపడేసరికి నాలుగు దాటుతుంది. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో ఇక్కడ ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది. పూర్తి ఆట తొంభై నిమిషాలు, మధ్యలో పావుగంట విరామం, గాయాలకు ఇంకో ఐదు నిమిషాలు. నాలుగూ పావుకు మొదలుపెడితే చివరి పావుగంట చీకట్లోనే. అందుకే ముప్పై నిమిషాల ఆట, పది విరామం, మళ్లీ ముప్పై ఆట అనే లెక్క బొగ్గు ఊళ్లకు సరిగ్గా సరిపోతుంది. నాలుగూ పావుకు విజిల్ వేస్తే ఐదు ఇరవై అయిదుకు ఆట ముగుస్తుంది. పుస్తకంలో లేని ఈ డెబ్బై నిమిషాల ఆటను చూసి నియమాలు తెలియని వాళ్లనుకోవడం పొరపాటు. జనం వచ్చే వేళకూ వెలుతురు పోయే వేళకూ మధ్య మిగిలింది అంతే మరి.

ఆ జనమంతా ఫుట్‌బాల్ అభిమానులే అనుకుంటే లెక్క తప్పుతుంది. ఎక్కువ మంది వచ్చింది తమ బాయి జట్టు ఆడుతోందని. ఇక్కడ బాయిలకు పేర్ల కంటే నంబర్లే గుర్తు: జీడీకే ఫలానా నంబరు, కేకే ఫలానా నంబరు, ఆర్కే ఫలానా నంబరు. ఒక్కో భూగర్భ గని మీద వెయ్యి, అంతకు మించి మస్టర్లు (హాజర్లు) పడే రోజుల్లో, పదకొండు మందిలో కనీసం ఇద్దరితోనైనా అదే షిఫ్టులో పనిచేసినవాళ్లు ప్రేక్షకుల్లో వందల్లో ఉంటారు. పొద్దున తన పక్కన బొగ్గు నింపినవాడు సాయంత్రం సెంటర్ ఫార్వర్డ్ అయితే చూడకుండా ఎట్లా ఉంటారు? సింగరేణి వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ పోటీల వరుస కూడా దీని మీదే కట్టింది. మొదట డిపార్ట్‌మెంటల్, తర్వాత పక్క ఏరియాలతో నియర్‌బై, ఆపైన కంపెనీ స్థాయి, అక్కణ్నుంచి కోల్ ఇండియా పోటీలకు జట్టు. జనం ఎక్కువగా తగిలేది అడుగుమెట్టు దగ్గర. పైకి పోయేకొద్దీ ఆట మెరుగవుతుంది, చూసేవాళ్లకు ఆటగాడితో చుట్టరికం తగ్గుతుంది.

అసలు మలుపు 1990లలో వచ్చింది. సింగరేణి కంపెనీ రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డైన బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కింది. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య, రిటైర్మెంట్లు, గోల్డెన్ షేక్‌హ్యాండ్లు, కొత్త నియామకాలు లేకపోవడం అన్నీ కలిసి తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు 40 వేలకు అటూ ఇటూ నిలిచింది. అదే కాలంలో బొగ్గు ఏడాదికి సుమారు 2 కోట్ల టన్నుల నుంచి 7 కోట్ల టన్నులకు పెరిగింది. మూడున్నర రెట్ల బొగ్గు, మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ మనుషులు. ఈ రెండు అంకెల మధ్యే మైదానం గట్టు ఖాళీ అయింది.

భూగర్భ గనులు మూతపడి, పైనుంచి మట్టి తీసి తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాక షిఫ్టు స్వభావమే మారింది. డంపర్ నడిపేవాడు, షావెల్ ఆపరేటర్ ఒక్కొక్కడుగా క్యాబిన్‌లో ఉంటాడు. ఒక ముఠాగా దిగి ఒక ముఠాగా ఎక్కడం లేదు. మట్టి తీసే పని చాలా వరకు కాంట్రాక్టుకు పోయింది. ఆ కుర్రాళ్లు అదే ఊళ్లో ఉంటారు, అదే దుమ్ము పీలుస్తారు, కానీ డిపార్ట్‌మెంటల్ పోటీలు కంపెనీ ఉద్యోగులకే. బాయి జట్టులో వాళ్లవాడు ఉండడు కాబట్టి గట్టు మీద వాళ్లూ ఉండరు. పర్మినెంటు ఉద్యోగుల్లో చాలామంది క్వార్టర్లు వదిలి మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో సొంతిల్లు కట్టుకున్నారు. షిఫ్టు దిగగానే బండి స్టార్ట్ చేసి వెళ్లేవాణ్ని నాలుగూ పావు దాకా ఆపేదేమీ లేదు.

ఇక ఆదివారం సంగతి. సింగరేణిలో ఆదివారం డ్యూటీని ప్లేడే అంటారు. ఆ రోజు మస్టర్ పడితే రెట్టింపు జీతం. పేరులో ఆట ఉంది, చేసేది పని. ఫైనల్ ఆదివారం పెడితే జనం బాగా వస్తారన్నది బయటి ఊళ్ల లెక్క. ఇక్కడ ప్లేడే దొరికితే ఆడేవాడూ పనికే, చూసేవాడూ పనికే పోతాడు. మనుషులు తగ్గేకొద్దీ ఆ మస్టరు విలువ పెరిగింది.

ఈ మార్పు బొగ్గుకే పరిమితం కాలేదు. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. 2021లో కొత్త కంపెనీగా మళ్లీ ఉత్పత్తి మొదలైనా పాత టౌన్‌షిప్ జనం తిరిగి రాలేదు. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు 2002లో పోయింది. సైరన్ మోగితే ఒకేసారి గేటు దాటే వేల మంది ఉన్న ఊరు, ఎవరి వేళకు వాళ్లు ఇల్లు చేరే ఊరైంది. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి, 2018లో చేతులు మారి తెరుచుకుంది. వీటిని ఒక వరుసలో పెట్టి చూస్తే, ఉత్తర తెలంగాణలో సాయంత్రం ఒకే వేళకు ఖాళీ అయ్యే మగజనం పదిహేనేళ్లలో ఎంత కరిగిపోయారో అర్థమవుతుంది. కాజీపేటలో మాత్రం రైల్వే ఉంది కాబట్టి కొంత మిగిలింది. అయితే రైళ్లు నడిపే రన్నింగ్ స్టాఫ్‌కు ఎప్పుడు డ్యూటీ పడుతుందో వాళ్లకే తెలియదు.

అధికారుల, సంఘాల వైపు నుంచి వినిపించే కారణం టీవీ. క్రికెట్, ఇప్పుడు ఫోన్‌లో యూరప్ లీగులు. అందులో నిజం లేకపోలేదు. కానీ కేరళలోని మలప్పురంలోనూ అవే టీవీలు, అవే ఫోన్లు ఉన్నాయి. అక్కడ కోత అయిన పొలాల్లో వెదురు గ్యాలరీలు కట్టి, రాత్రిపూట దీపాల కింద ఏడుగురి జట్లతో ఆడే సెవెన్స్‌కు టికెట్ కొని మరీ వేల మంది వస్తారు. టీవీ జనాన్ని లాక్కుపోతే అక్కడా లాక్కుపోవాలి. (ఆ గ్యాలరీలను కళ్లు మూసుకుని అనుకరించకూడదు. 2022 మార్చిలో అదే జిల్లాలో ఒకటి కూలి చాలామంది గాయపడ్డారు.)

మైదానం సంగతి వేరే రకం. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ పడింది, 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది. జిల్లాకు గర్వమే. మిగతా పట్టణాలూ అదే నమూనా అడుగుతున్నాయి. ఫుట్‌బాల్ వైపు నుంచి 400 మీటర్ల ట్రాక్‌ను టేపు పెట్టి కొలిస్తే ఇలా ఉంటుంది. లోపలి స్థలం వెడల్పు 73 మీటర్లు, ఆట వెడల్పు 68. పక్కగీత దగ్గర మిగిలేది రెండున్నర మీటర్లు. దాని అవతల 1.22 మీటర్ల చొప్పున ఎనిమిది లేన్లు, అంటే దాదాపు పది మీటర్లు. కాబట్టి పక్కగీతకు పన్నెండు మీటర్లకు పైగా దూరంలో గానీ మొదటి ప్రేక్షకుడు కూర్చోలేడు. గోల్ వెనక అయితే ఆ దూరం 36 మీటర్లు. మూలల్లో ఇరుకు ఇంకా విచిత్రం: ట్రాక్ వంపు తిరిగే చోట కార్నర్ జెండాకూ ట్రాక్ అంచుకూ మధ్య మీటరే ఉంటుంది. కార్నర్ తీసుకునేవాడు వెనక్కి నాలుగడుగులు వేస్తే బూట్ల అడుగునుండే స్టడ్స్ ట్రాక్ రబ్బరు మీద పడతాయి, కాపలావాడు కేక వేస్తాడు. స్టడ్స్‌తో రబ్బరు పొర చీలుతుంది కాబట్టి ఆ కేకలో న్యాయముంది. దాటే చోట చాపలో ప్లైవుడ్ పలకలో పరిస్తే సరిపోయేదానికి, ఆటనే బయట పెట్టేయడం ఎక్కువ చోట్ల తేలికైన మార్గమవుతుంది.

బాయి మైదానంలో జనం గీతకు జానెడు దూరంలో కూర్చుంటారు. త్రో వేసేవాడి చెవిలో మాట్లాడతారు, రెఫరీని పేరు పెట్టి తిడతారు. స్థానిక ఆటకు జనాన్ని కట్టిపడేసేది ఈ దగ్గరితనమే. ఆట నాణ్యత కోసమైతే టీవీ ఉండనే ఉంది. 36 మీటర్ల దూరం నుంచి జిల్లా స్థాయి ఆట చూడమంటే ఎవరు చూస్తారు?

చిన్న క్లబ్బులు చేతులు కట్టుకుని కూర్చున్నాయా అంటే, కొంత నిజమే. ఒక్కరోజు పోటీకి ఖర్చు ఎక్కడ పడుతుందో చూస్తే వాళ్ల ఇబ్బందీ తెలుస్తుంది. పూర్తి కొలతల మైదానానికి వేసే గీత మొత్తం పొడవు దాదాపు 700 మీటర్లు. రోజూ తెల్లారేసరికి మంచుకు, మొదటి ఆట అయ్యేసరికి తొక్కిళ్లకు చెరిగిపోతుంది, మళ్లీ వేయాలి. సున్నం చవకని వాడితే పడినవాడి మోకాలు చెమటకు కాలుతుంది, కంట్లో పడితే ఆసుపత్రే. ముగ్గు పిండే వాడాలి. రెఫరీల భత్యం, బయటి జట్ల బస, భోజనం, నీళ్ల క్యాన్లు. ఇవన్నీ రోజుల లెక్కన పెరుగుతాయి కాబట్టి పోటీ మొత్తాన్ని రెండు మూడు రోజుల్లో ముగించాలని చూస్తారు. ఒకే మైదానంలో రోజుకు నాలుగు ఆటలు: పొద్దున రెండు, ఎండలో ఒకటి, సాయంత్రం ఒకటి. మొదటి ఆట వేళకు మొదటి షిఫ్టు కిందికి దిగుతుంది, రెండోది జరుగుతుంటే పిల్లలు బడిలో ఉంటారు, మూడో ఆట ఎండలో చూసేవాడుండడు. నాలుగింటిలో మూడు ఖాళీ మైదానంలో ఆడించి, ఆ ఫొటో చూపించి జనం రారంటున్నారు.

దీపాలు పెట్టి రాత్రి ఆడించాలన్నది చాలాకాలంగా ఉన్న కోరిక. స్థానిక పోటీకి మైదానమంతా సమంగా 200 లక్స్ వెలుతురు ఉంటే చాలు. స్తంభాలు పొట్టిగా ఉంటే గోల్‌కీపర్ కళ్లలో పడుతుంది, పైనుంచి వచ్చే బంతి కనపడదు. పాత మెటల్ హలైడ్ దీపాలు పెట్టిన చోట కరెంటు ఒక్క సెకను పోయినా మళ్లీ పూర్తిగా వెలగడానికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది. మ్యాచ్ మధ్యలో రెండుసార్లు ఇలా అయితే మూడోసారికి గట్టు మీద ఎవరూ ఉండరు. ఎల్‌ఈడీలతో ఆ బాధ లేదు. ఈలోగా హన్మకొండ, కరీంనగర్ లాంటి చోట్ల గంటల లెక్కన అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి టర్ఫ్‌లు దీపాలతో సహా వచ్చేశాయి. వలలు కట్టిన ఆ బోనుల్లో కుర్రాళ్లు డబ్బులు పంచుకుని రాత్రి పదకొండు దాకా ఆడుతున్నారు. ఒకప్పుడు గట్టు మీద కూర్చునే వయసు వాళ్లే వాళ్లు. చూడటానికి మాత్రం అక్కడ కూర్చునే చోటే ఉండదు.

జనం రారు కాబట్టి మైదానం ఇవ్వనక్కర్లేదన్న వాదనకు ఇప్పుడు ఖాళీ గ్యాలరీల ఫొటోలే సాక్ష్యం. ఆ ఫొటోలు తీసిన వేళ చూడండి, నీడ కాళ్ల కిందే ఉంటుంది. మొదటి షిఫ్టు పైకి రావడానికి ఇంకా రెండు మూడు గంటలుంది.