సగం లాగుడు ఎటు పోయింది?

ఆమధ్య సికింద్రాబాద్ స్టేషన్లో నా ట్రాలీ సూట్‌కేసు చక్రాలు బిగుసుకుపోయాయి. 20 కిలోల బరువు. ఈడ్చుకుంటూ వంద మీటర్లు నడిచేసరికి చెయ్యి లాగేసింది. ఎర్రచొక్కా కూలీ ఒకాయన అంత పెట్టెనూ నెత్తిన పెట్టుకుని చకచకా దాటిపోయాడు. ఫిజిక్స్ ప్రకారం ఆ వంద మీటర్లలో పెట్టె మీద నేను చేసిన పని వేల జౌళ్లు (పనిని కొలిచే యూనిట్ జౌల్), ఆయన చేసింది దాదాపు సున్నా. ఈ మాట ఆయనతో అనే ధైర్యం నాకు లేదు.

ఇంటర్లో బట్టీ పట్టిన 'ఎఫ్ ఎస్ కాస్ తీటా' ఇదే. బలం, జరిగిన దూరం, ఆ రెండింటి మధ్య కోణానికి కొసైన్, మూడూ గుణిస్తే పని. యంత్రాల లెక్కల మీద పుస్తకం రాస్తూ 'పని'కి ఈ అర్థం ఖాయం చేసింది ఫ్రాన్స్‌కు చెందిన కొరియోలిస్, 1829లో.

సూట్‌కేసు జరిగేది నేల వెంట, నా చెయ్యి లాగేది ఏటవాలుగా పైకి. 50 న్యూటన్లతో, అంటే ఐదు కిలోల బియ్యం సంచి ఎత్తేంత బలంతో, 60 డిగ్రీల కోణంలో లాగాననుకోండి. కాస్ 60 అంటే అర. ముందుకు పనికొచ్చింది 25 న్యూటన్లే. వంద మీటర్లకు 2,500 జౌళ్లు.

మరి మిగతా 25? అలా అడగకూడదు. పైకి పోయిన వాటా సుమారు 43 న్యూటన్లు. 25, 43 కలిపితే 50 రాదు. అవి లంబకోణ త్రిభుజం భుజాలు, వర్గాలు కలపాలి. సూట్‌కేసు గాల్లోకి లేవలేదు కాబట్టి ఆ 43 చేసిన పని సున్నా. అలాగని వృథా కాలేదు. 200 న్యూటన్ల బరువులో అంతమేర నేల మీద భారం తగ్గించి, రాపిడినీ తగ్గించాయి. మోండా మార్కెట్లో తోపుడుబండి మీదికి వంగి నెట్టేవాళ్లకు ఇది ఉల్టా: నెట్టుడులో కొంత బండిని నేలకేసి అదుముతుంది.

హ్యాండిల్ ఇంకాస్త పొడుగు లాగి, కోణం 37 డిగ్రీలకు దించితే? అదే రాపిడి గుణకంతో (నేల మీద భారంలో రాపిడి ఎన్నో వంతో చెప్పే అంకె) లెక్కేస్తే 36 న్యూటన్లు చాలు. చేతికి హాయి. కానీ పని సుమారు 2,850 జౌళ్లకు పెరుగుతుంది! పైకి లేపే సాయం తగ్గి, నేల మీద ఒత్తిడి పెరిగింది మరి. తక్కువ బలం, ఎక్కువ పని. మొదటిసారి ఈ లెక్క వచ్చినప్పుడు తప్పు చేశాననుకుని మళ్లీ వేసుకున్నాను.

ఇక కూలీ సంగతి. పెట్టెను ఆయన మోసే బలం నిట్టనిలువుగా పైకి, నడక అడ్డంగా. మధ్యలో 90 డిగ్రీలు, కాస్ 90 సున్నా. బరువు కింద బిగిసి ఉండటానికే కండరాలు శక్తిని ఖర్చు చేస్తాయి. చెమట అందుకే. అది ఈ సూత్రంలోకి రాదు. ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మెట్లెక్కితే మాత్రం కోణం మారిపోతుంది. 20 కిలోలు 6 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే 1,200 జౌళ్లు.

మెట్ల దగ్గర నేనూ ఆయన్నే పిలిచాను.