ప్లగ్గు తీసిన టీవీలో కరెంటు ఉండదా? తెరలతో కళ చేసేవారి అపోహలు – వాస్తవాలు

పాత టీవీలు, మానిటర్లు, పగిలిన ల్యాప్‌టాప్ తెరలతో ఇన్‌స్టలేషన్లు చేయడం నా పని. ప్రదర్శన పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒక విద్యార్థి నా దగ్గరకు వచ్చి, తమ ఇంట్లోనూ అటక మీద ఒక పాత టీవీ ఉందని, దానితో ఏదైనా చేయాలనుందని చెబుతారు. ఆ ఉత్సాహం చూస్తే నాకు ఎంతో సంతోషం. ఆ వెంటనే వచ్చే మాటకు మాత్రం గుండె జారిపోతుంది: "ప్లగ్గు తీసి చాలా రోజులైందండీ, ఇక భయమేముంది, విప్పేస్తాను."

అపోహ: ప్లగ్గు తీసేస్తే లోపల కరెంటు ఉండదు.

వాస్తవం: ఉంటుంది. మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పాత టీవీ తెర వెనక గొట్టంలా సాగే పెద్ద గాజు బుడ్డినే పిక్చర్ ట్యూబు అంటారు. కలర్ సెట్టులో దానికి 20 వేల నుంచి 30 వేల వోల్టులు అందుతాయి. ట్యూబు లోపల ఒక వాహక పూత, బయట నల్లటి గ్రాఫైట్ పూత, మధ్యలో మందపాటి గాజు. అంటే ఆ ట్యూబే ఒక పెద్ద కెపాసిటర్ (ఛార్జిని నిల్వ చేసుకునే భాగం). మీరు గోడ దగ్గర స్విచ్ ఆపినంత మాత్రాన అందులో నిలిచిన ఛార్జి ఎక్కడికీ పోదు. కొన్ని సెట్లలో ఆ వేల వోల్టులను పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్‌లోనే (దీన్నే ఎల్‌ఓటీ అంటారు) దాన్ని ఖాళీ చేసే రెసిస్టర్ ఉంటుంది. మీ ముందున్న సెట్టులో అది ఉందో లేదో, ఉన్నా పనిచేస్తోందో లేదో బయటి నుంచి చూసి చెప్పలేం.

ట్యూబు ఒక్కటే కాదు. పవర్ సప్లై బోర్డు మీద లావుపాటి కెపాసిటర్ ఒకటి ఉంటుంది. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల ఏసీ, డీసీగా మారాక అక్కడ దాదాపు 325 వోల్టులై నిలుస్తుంది. ట్యూబు షాక్ తగిలినప్పుడు చెయ్యి ఒక్కసారిగా వెనక్కి లాగేసుకుంటుంది, మోచెయ్యి పోయి ట్యూబు మెడకు తగులుతుంది. మెడ చాలా సన్నటి గాజు. ట్యూబు లోపలంతా శూన్యం. పగిలితే గాజు ముక్కలు ముందు లోపలికి దూసుకుపోయి, ఆ ఊపులోనే బయటకు చిమ్ముతాయి. నాకు తెలిసిన గాయాల్లో ఎక్కువ భాగం ఇలా తగిలినవే.

నాకు ఈ పని నేర్పినది కోఠి గుజరాతీ గల్లీ ప్రాంతంలో టీవీలు బాగుచేసిన ఒక పెద్దాయన. సెట్టు విప్పగానే ఆయన ఎడమ చెయ్యి జేబులోకి వెళ్లిపోయేది. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోతుంది కాబట్టి ఆ అలవాటు. ట్యూబు వెనక గ్రాఫైట్ పూతకు ఆనుకుని ఉండే జడలాంటి రాగి తీగకు ఒక వైరు తగిలించి, దాని రెండో కొసను పొడవాటి స్క్రూడ్రైవరుకు బిగించేవారు. ఆ స్క్రూడ్రైవరు మొనను ఎనోడ్ (ట్యూబులోకి ఆ వేల వోల్టులు వెళ్లే చోటు) మీది రబ్బరు టోపీ కిందికి మెల్లగా తోసేవారు. టప్పుమని శబ్దం వచ్చి చిన్న నీలి మెరుపు కనిపించేది. పని అయిపోయిందనుకుని నేను ముందుకు వంగితే "ఆగు నాన్నా" అని నన్ను వెనక్కి జరిపేవారు. కాసేపు ఆగి మళ్లీ అదే చేసేవారు. మళ్లీ టప్పుమనేది, ఈసారి సన్నగా. గాజులో ఇంకిన ఛార్జి కొంత తిరిగి పైకి వస్తుంది. ఒకసారి ఖాళీ చేసిన ట్యూబు కూడా కొట్టగలదు.

ఇది చదివి చేయమని నేను చెప్పడం లేదు. చేయాలనుకుంటే అలాంటి పెద్దాయన పక్కన నిలబడి నేర్చుకోండి. అంతవరకు వెనక మూత విప్పకండి. విప్పకుండా కళ ఎలా అంటారా? వీడియో కళకు ఆద్యుడిగా పేరొందిన కొరియా కళాకారుడు నామ్ జూన్ పైక్ 1965లో చేసిన 'మాగ్నెట్ టీవీ' చూడండి. బ్లాక్ అండ్ వైట్ టీవీ పెట్టె మీద పెద్ద గుర్రపు నాడా అయస్కాంతం ఉంచారు, అంతే. లోపల ఎలక్ట్రాన్ల పుంజం వంగి, తెర మీద ఎవరూ గీయని ఆకారం వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 1963లో, జర్మనీలోని వుప్పర్టాల్‌లో ఆయన పెట్టిన ప్రదర్శనలో ఒక సెట్టు పాడైపోయి తెర మీద ఒక్క గీతే మిగిలింది. దాన్ని పక్కకు తిప్పి గీత నిలువుగా ఉండేలా నిలబెట్టారు. అదే 'జెన్ ఫర్ టీవీ' అయింది. కొత్త సర్క్యూట్లతో వీడియో సింథసైజర్ (తెర మీది బొమ్మల రంగులు, ఆకారాలు మార్చే యంత్రం) నిర్మించాల్సి వచ్చినప్పుడు ఆయన జపాన్ ఇంజినీరు షుయా అబేతో కలిసి పనిచేశారు.

అపోహ: పాత టీవీల్లో రెడ్ మెర్క్యురీ (ఎర్ర పాదరసం) అనే అరుదైన పదార్థం ఉంటుంది, లక్షలు పలుకుతుంది.

వాస్తవం: లేదు. ఏ టీవీలోనూ, ఏ రేడియోలోనూ లేదు. వెల్లుల్లి పరీక్ష, అద్దం పరీక్ష అంటూ తిరిగే వీడియోలన్నీ మోసం. నన్ను కోపం పట్టలేకుండా చేసే పుకారు ఇదే. ఎందుకంటే దీన్ని నమ్మినవారు, పైన చెప్పిన ఆ ట్యూబునే సుత్తితో పగలగొడతారు. దొరికేది సీసం కలిసిన గాజు, ముక్కలైన ఒక మంచి టీవీ. అమ్మిపెడతామని వచ్చేవాళ్లు ముందుగా అడ్వాన్సు అడుగుతారు. దయచేసి ఇవ్వకండి.

అపోహ: పాత టీవీలు గదిలో ఉంటే రేడియేషన్ వస్తుంది.

ఇది అడిగేది ఎక్కువగా అమ్మలు. మా అబ్బాయి గది నిండా టీవీలు పేర్చాడు, ఏమైనా అవుతుందా అని ఒకామె ఫోనులో దాదాపు ఏడ్చేశారు. ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. ఎక్స్‌రేలు పుట్టేది సెట్టు ఆన్‌లో ఉన్నప్పుడే. వాటిని ఆపడానికే ట్యూబు గాజులో సీసం, బేరియం లాంటివి కలుపుతారు. ఆపేసిన టీవీ నుంచి ఏమీ రాదు. గాజు పగలనంతవరకు ఆ సీసం వల్ల కూడా భయం లేదు. మీరు అడగాల్సింది, ఆ టీవీలు ఒకదాని మీద ఒకటి నిలకడగా ఉన్నాయా అని. పిక్చర్ ట్యూబుల బరువు సామాన్యం కాదు.

అపోహ: అయస్కాంతం పెడితే ఏ తెరైనా వంకర్లు తిరుగుతుంది.

ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ తెరల మీద ఏమీ కాదు. బ్లాక్ అండ్ వైట్ ట్యూబు మీద బొమ్మ వంగుతుంది, అయస్కాంతం తీస్తే మామూలవుతుంది. కలర్ ట్యూబులో మాత్రం షాడో మాస్క్ అనే ఇనుప జల్లెడ అయస్కాంతత్వం పట్టేసి, రంగుల మచ్చలు మిగులుస్తుంది. అయస్కాంతత్వాన్ని పోగొట్టే తీగచుట్ట, అంటే డీగాసింగ్ కాయిల్‌తో అవి సాధారణంగా పోతాయి. చాలా బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని దగ్గరగా పెడితే జల్లెడే వంగవచ్చు, అది ఇక సరికాదు. కలర్ సెట్టుతో మొదలుపెట్టకండి.

అపోహ: ఎల్‌సీడీ తెర పగిలితే ఇక చెత్తబుట్టే.

ప్యానెల్ గాజు పగిలితే బొమ్మ పోయినట్టే, నిజం. వెనక లైటు, దాని ముందుండే కాంతిని సమంగా పరిచే పలకలు, ఫిల్ములు పనికొస్తాయి. పగలని ప్యానెల్ అయితే ఇంకా బాగుంటుంది. ముందున్న పోలరైజర్ ఫిల్మును (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే పొర) ఒక మూల బ్లేడుతో లేపి, కాస్త వెచ్చచేసి, ఓపిగ్గా లాగండి. జిగురు కొంత గాజు మీద మిగులుతుంది, అది వేరే పని. ఫిల్ము పోయాక తెర ఆన్ చేస్తే ఉత్త తెల్లటి వెలుగే కనిపిస్తుంది. ఊడదీసిన ఆ ఫిల్మునే కంటి ముందు పట్టుకోండి, బొమ్మ ప్రత్యక్షమవుతుంది. 90 డిగ్రీలు తిప్పితే నెగటివ్ అవుతుంది. ఎంత పెద్దవాళ్లయినా ఇది చూసి చిన్నపిల్లలైపోతారు.

అయితే పాత ఎల్‌సీడీ మానిటర్లలో వెనక లైటుగా చిన్న ట్యూబ్‌లైట్ల లాంటి సన్నటి సీసీఎఫ్‌ఎల్ గొట్టాలు ఉంటాయి. నిజంగా పాదరసం ఉన్నది వాటిలో. చాలా కొద్దిగానే, కానీ పగిలితే పీల్చకూడదు, కిటికీలు తెరిచి బయటకు వెళ్లండి. వాటిని నడిపే ఇన్వర్టర్ (మానిటర్ లోపలి చిన్న సర్క్యూట్, ఇంట్లో వాడేది కాదు) నుంచి వందల వోల్టులు వస్తాయి.

అపోహ: పాత ఎల్‌సీడీ ప్యానెల్‌కు బొమ్మ పంపే కంట్రోలర్ బోర్డు ఏదైనా ఏ ప్యానెల్‌కైనా సరిపోతుంది.

సరిపోదు. ప్యానెల్ వెనక స్టిక్కరు మీది మోడల్ నంబరు చూసి బోర్డు తీసుకోండి. బోర్డు మీద ప్యానెల్ వోల్టేజి ఎంచుకునే జంపర్ (పిన్నులను కలిపే చిన్న టోపీ) ఉంటుంది: 3.3, 5 లేదా 12 వోల్టులు. తప్పు చోట పెడితే ప్యానెల్ కాలిపోతుంది.

అపోహ: టీవీ చెడిపోతే ఆ కళాకృతి కూడా పోయినట్టే.

పైక్ 1988లో కొరియాలోని గ్వాచన్ జాతీయ మ్యూజియంలో 1,003 టీవీలతో ఒక గోపురం కట్టారు. సెట్లు పాతబడి 2018లో దాన్ని ఆపేయాల్సి వచ్చింది. బాగుచేయగలిగిన ట్యూబులు బాగుచేసి, మిగతా చోట్ల ఎల్‌సీడీలు పెట్టి, 2022లో మళ్లీ వెలిగించారు. ట్యూబు వెలుగుకు ఎల్‌సీడీ సాటి రాదని వాదించేవారున్నారు, నేనూ కొంత అదే పక్షం. అయినా చీకట్లో ఉంచడం కన్నా వెలిగించడమే నయం. అందుకే ఒక పనికి ఏ మోడల్ సెట్టు వాడితే, అదే మోడల్‌వి రెండు మూడు అదనంగా సంపాదించి పొడిగా ఉన్న చోట దాచండి. ఇప్పటికైతే కొన్ని పాత సామాన్ల దుకాణాల్లో ఇంకా దొరుకుతున్నాయి.